మూడో మలుపు యోగానందం గారింట్లో ఉంది

ఈ ఆదివారం ట్రాక్‌లో మూడో మలుపు లేదు.

రెండో మలుపు దాటాక తారు కత్తిరించినట్టు ఆగిపోతుంది. నాలుగో మలుపు ముందు మళ్లీ మొదలవుతుంది. మధ్యలో ఎర్రమట్టి ఉంది, చీమలు ఉన్నాయి, బోల్టులు ఊడదీసిన నాలుగు గుంతలు ఉన్నాయి. నేను వంగి ఒక గుంతలో వేలు పెట్టి చూస్తాను. పదిహేడో నంబరు పానాతో విప్పారు. మరలు చెడలేదు, ఆ మాత్రం మర్యాద ఉంది.

మాది పాత స్పోర్ట్స్ కార్ల క్లబ్బు. ఒంగోలులో పద్నాలుగు మందికి ఇలాంటి కార్లున్నాయి. అరవై ఏళ్ల కిందటివి, రెండు సీట్లవి, పైకప్పు లేనివి. ఏడాదికి ఒక్క ఆదివారం, విమానాలు దిగడం మానేసిన ఒక రన్‌వే మీద, పొగాకు తోటల మధ్య, వాటిని తీసుకొచ్చి తిప్పుతారు. రన్‌వేకి మలుపులు క్లబ్బు వాళ్లే చేర్చుకున్నారు.

ఆ పద్నాలుగు కార్లకూ మెకానిక్‌ని నేను. నా పేరు శేషమ్మ. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుంటాను, రెండో కొస కార్బురేటర్ మూతి దగ్గర పెడతాను. రెండు కార్బురేటర్లూ ఒకే తీరుగా బుస కొట్టేదాకా మర తిప్పుతాను. పదకొండేళ్లుగా ఇదే పని. ఈ పదకొండేళ్లలో నేను ఒక్కసారి కూడా ట్రాక్ మీద బండి నడపలేదు, ఎందుకంటే నాకు బండి లేదు. ఈ ఏడాది ఉంది. పిస్తా రంగుది. కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న ఒట్టి డొల్లను తెచ్చుకుని తొమ్మిదేళ్లు కట్టాను. ఈరోజు పదకొండు గంటలకు నా వంతు.

ఇప్పుడు తొమ్మిదిన్నర. మలుపు లేదు.

డాక్టర్ విక్టర్ బాబు గారి నీలం కారు రెండో మలుపు దాటి వస్తోంది. ఆయన పళ్ల డాక్టరు. తారు ఆగిన చోట ఆయన కారు ఆగదు. నేలకు జానెడు ఎత్తున, ఏమీ లేని దాని మీద, చక్కగా ఎడమకు తిరిగి నాలుగో మలుపు ముందు తారు మీదికి దిగుతుంది. చీమలు తలెత్తి కూడా చూడవు.

ఆయన రౌండు ముగించి వచ్చాక అడుగుతాను.

"ఎట్లా పోయారు సార్?"

"గుర్తుంది గదా శేషమ్మా. ఎన్నిసార్లు తిరిగిన మలుపు."

"నాకు గుర్తులేదు."

"నువ్వెప్పుడూ తిరగలేదు గదా, ఎట్లా గుర్తుంటది?"

పన్ను పీకే ముందు నొప్పి ఉండదని చెప్పే గొంతుతో అంటారాయన. చెప్పి హెల్మెట్ నా చేతికిస్తారు, పట్టుకోమని. నేను దాన్ని నేల మీద పెడతాను.

నా బండి తీసుకుని నేనూ ఆ అంచుదాకా పోతాను. ముందు చక్రాలు తారు దాటగానే మట్టిలో దిగబడతాయి. వెనక్కి తీస్తాను. ఈ మలుపు గురించి నాకు తెలియనిది లేదు. ఏ టైరు ఏ అంచున ఎంత అరుగుతుందో తెలుసు, ఏ స్ప్రింగు ఎంత వంగుతుందో తెలుసు. ఇదంతా నేను బండి కింద పడుకుని నేర్చుకున్నది. బండి లోపల కూర్చుని నేర్చుకున్నదే లెక్కలోకి వస్తుందట.

క్లబ్బు అధ్యక్షుడు యోగానందం గారు షామియానా కింద ఇడ్లీ తింటున్నారు. ఆయనకు చీమకుర్తిలో గ్రానైట్ క్వారీ ఉంది. కొండను పలకలు పలకలుగా కోసి ఓడలకెక్కించిన మనిషికి ఒక మలుపు లెక్కా?

"మూడో మలుపు ఏమైంది సార్?"

"మా ఇంట్లో పెట్టించా శేషమ్మా. గేటు నుంచి పోర్టికోలోకి కారు తిరగట్లా. ఒక మలుపు కావాల్సొచ్చింది."

"పదకొండింటికి నా వంతు."

"అరవబాక. ఈ ఏడు అనుభవం ఉన్నోళ్లు తిరగనీ. నీది వచ్చే ఏడు చూద్దాంలే."

"వచ్చే ఏడు మాత్రం నాకు అనుభవం ఎక్కడి నుంచి వస్తుంది సార్?"

ఆయన ఇడ్లీ పక్కన పెట్టి ఆలోచిస్తారు. "అదీ నిజమే," అంటారు. జేబులోంచి కాగితం తీసి వచ్చే ఏడు జాబితాలో కూడా నా పేరు కొట్టేస్తారు.

నాకు ఒళ్లు మండిపోతోంది. "మలుపు తిరిగి ఎప్పుడిస్తారు?" అని అడుగుతాను.

"నడుస్తున్న బండి కింద ఉంది గదమ్మా," అంటారాయన, చెయ్యి కడుక్కుంటూ.

ఇది మా క్లబ్బు మొదటి నిబంధన. ఈ కార్లకు సామాను దొరకదు కాబట్టి ఒకరి దగ్గర ఉన్నది ఇంకొకరు తీసుకుంటారు. తీసుకున్న సామాను నడుస్తున్న బండికి బిగించి ఉంటే తిరిగి అడగకూడదు. బండి ఆగితేనే అడగాలి. నేను మూడేళ్లలో కట్టాల్సిన కారుకు తొమ్మిదేళ్లు పట్టింది ఇందుకే. నేను వెతికి తెచ్చుకున్న, ఇంజిన్‌కు నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటర్ డాక్టర్ గారి కారులో తిరుగుతోంది. నా వాటర్ పంపు ఇంకొకరి కారులో, నా వెనక ఇరుసు మరొకరి కారులో తిరుగుతున్నాయి. అవి ఒక్కరోజు కూడా ఆగలేదు. ఎందుకు ఆగుతాయి? వాటిని చూసుకునేది నేనే కదా. నా పనితనమే నా నోరు మూయిస్తూ వచ్చింది. తలుచుకుంటే ఏడుపొస్తోంది, ఏడిస్తే వీళ్లు మంచినీళ్లు తెచ్చిస్తారని ఆపుకుంటున్నాను.

ట్రాక్ నుంచి ఒంగోలుకి గంట ప్రయాణం. నేను కోపంగా ఉన్నాను కాబట్టి పది నిమిషాల్లో చేరతాను.

యోగానందం గారి గేటు తీసి ఉంది. లోపల మూడో మలుపు ఉంది. గేటు నుంచి పోర్టికోదాకా, ఎరుపూ తెలుపూ అంచులతో సహా, మందార మొక్కల మధ్య పరిచారు. దాని మీద ఆయన పొడుగాటి వెండిరంగు కారు తిరుగుతోంది. లోపల ఎవరూ లేరు. మలుపు చివరిదాకా పోతుంది, వెనక్కి వస్తుంది, మళ్లీ పోతుంది.

ఆయన భార్య పద్మాక్షి గారు వరండాలో పీట వేసుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. ఆవిడ ఎడమవైపుకు ఒరిగి కూర్చున్నారు. గోడ మీద పటాలు ఒరిగి ఉన్నాయి. ఆరేసిన చీరలు గాలి లేకపోయినా అటే ఒరిగి ఉన్నాయి.

"రా శేషమ్మా. నిటారుగా కూర్చోవాలని చూడబాక, నడుం పట్టుద్ది," అంటారు.

"ఎప్పటినుంచి ఇట్లా ఉంది అమ్మగారూ?"

"గురువారం నుంచి. పళ్లెంలో పప్పు ఒక పక్కకే పోతంది. పడుకుంటే మంచంలోంచి జారి ఆ మూలకే చేరతన్నా. ఆయనకేం, ఇంట్లో ఉండే మనిషా."

"మలుపు తీసుకుపోతాను."

"బండి ఆగితే గదా అడగాల్సింది. నాకూ తెలుసు మీ రూలు. నాలుగు రోజుల నుంచి చూస్తన్నా, ఆగట్లా. పెట్రోలు అయిపోతే ఆగిద్ది అనుకున్నా. అయిపోయి కూడా తిరగతంది."

ఆగదు. దాన్ని పోయిన నెల ట్యూన్ చేసింది నేను. రెండు పూటలు గొట్టం చెవిలో పెట్టుకుని కూర్చున్నాను. గాలి ఎంత, చమురు ఎంత అనేది అంత సరిగ్గా కుదిరాక ఇంజిన్‌కి ఇంక ఏమీ అక్కర్లేదు. ఆరోజు యోగానందం గారు విని, "పర్లేదు," అన్నారు.

నేను కారు పక్కన నడుస్తూ బానెట్ ఎత్తుతాను. అది నన్ను గుర్తుపట్టి నెమ్మదిస్తుంది. రెండు కార్బురేటర్ల మూతులూ తెరిచి ఉన్నాయి, రెండూ ఒకే తీరుగా బుస కొడుతున్నాయి. నేను కట్టినవాటిలో ఇంత బాగా కుదిరిన ఇంజిన్ ఇంకొకటి లేదు. దీన్ని ఆపడం నాకు ఇష్టం లేదు. అయినా రెండు అరచేతులూ రెండు మూతుల మీద పెడతాను. అది గాలి కోసం నా చేతులను లోపలికి పీలుస్తుంది. అరచేతులు గుంటపడి చల్లబడతాయి. నాలుగుసార్లు కుదుపుతుంది. ఆగుతుంది. నాకు చాలా బాధగా ఉంది, ఆ బాధకు కూడా యోగానందం గారే కారణం.

ఇప్పుడు అడగాలి. నిబంధన నిబంధనే.

"అమ్మగారూ, మా మూడో మలుపు ఇప్పించండి."

"తీసుకుపో తల్లీ," అంటారు పద్మాక్షి గారు. అంటూనే ఆవిడ నిటారుగా అవుతారు. వెనక గోడ మీద పటాలు ఒక్కొక్కటే సర్దుకుంటున్న చప్పుడు వినిపిస్తుంది.

పదిహేడో నంబరు పానాతో నాలుగు బోల్టులు విప్పుతాను. మలుపు ఒక కొస నుంచి చుట్టుకుంటుంది, తడిసిన బొంతంత బరువుంది. ఆవిడ ఒక పక్క పట్టుకుంటారు. ఇద్దరం కలిసి దాన్ని నా బండి ముందు బంపరుకు తాడేసి కడతాం. ముడి ఆవిడే వేస్తారు, నేను వేసేదానికంటే గట్టి ముడి.

నేను ఇంజిన్ తిప్పుతుండగా ఫోను మోగుతుంది. యోగానందం గారు.

"ఎవరాపారు నా బండిని?"

"నేనే సార్. కట్టింది కూడా నేనే."

ఫోనులో ఆయన వెనక డాక్టర్ గారు ఎవరితోనో నవ్వుతున్నారు.

"సరే, అయిపోయిందేదో అయిపోయింది. తెచ్చి ఇక్కడ బిగించు. బిగించినాక ముందు నేనొక రౌండ్ వేసి చూస్తా, గట్టిగా ఉందో లేదో. తర్వాత డాక్టరు గారు. తర్వాత మిగతా వాళ్లు. నీకు సాయంత్రం, టైమ్ ఉంటే."

మలుపును విప్పి తెచ్చిన మనిషిని మలుపు ప్రారంభోత్సవానికి కూడా పిలవరా? పిలుస్తారు, టీ పోయడానికి పిలుస్తారు. పదకొండేళ్లు నేను కాదనలేదు. ఆ కాదనకపోవడమే తప్పు.

"తెస్తన్నావా?" అంటారాయన.

"బండి నడుస్తోంది సార్," అని ఫోను పెట్టేస్తాను.

టైము చూస్తాను. పదకొండు గంటలు.

గేటు దాటగానే ముడి కొద్దిగా వదులవుతుంది. చుట్టిన మలుపు నా బండి ముందు విచ్చుకుని నేల మీద పరుచుకుంటుంది. నేను దాని మీదికి ఎక్కుతాను. ఎక్కినంత మేరా నా ముందు ఇంకా పరుచుకుంటుంది, దాటిన కొస వెనక లేచి మళ్లీ ముందుకొస్తుంది. రెండో గేరు. మూడో గేరు. స్టీరింగు ఎడమకు తిప్పి అక్కడే ఉంచుతాను.

మలుపు మధ్యలో చిన్న ఎత్తు ఉంది. అక్కడ బండి గాల్లోకి లేచినట్టవుతుంది. పద్నాలుగు మందీ అక్కడికి రాగానే భయపడి బ్రేకు తొక్కుతారు. వాళ్లు ఎప్పుడూ చెప్పలేదు, కానీ బ్రేకు డ్రమ్ముల్లో కాలిన వాసన చెప్పేస్తుంది. ఆ డ్రమ్ములు తుడిచేది నేను. ఎత్తు వస్తుంది. నేను బ్రేకు తొక్కను. బండి లేస్తుంది, దిగుతుంది, పోతుంది. అంతే. దీనికా ఇంతమంది నాకు ఇన్నేళ్లు అనుభవం లేదన్నారు?

ఊరు కుడివైపున జరిగిపోతోంది. బస్టాండు పోయింది, పొగాకు గోడౌన్లు పోయాయి, రైలు పట్టాలు పక్కకు తప్పుకుని దారిచ్చాయి. ఎడమకు తిరుగుతూనే ఉంటే బయలుదేరిన చోటికే రావాలి. నేను రావడం లేదు. ఉప్పు మడులు వచ్చాయి. ఆ తర్వాత సరుగుడు తోపులు, ఆ తర్వాత ఇసుక. ఫోను మోగి మోగి ఎగిరి వెనకెక్కడో పడిపోయింది. గాలి కళ్లలో కొడుతోంది, కోపం తగ్గలేదు, తగ్గించుకోవాలని కూడా నాకు లేదు. రెండు కార్బురేటర్లూ ఒకే తీరుగా బుస కొడుతున్నాయి.

సముద్రం దగ్గర మలుపు ఆగదు. నీళ్లు వెనక్కి జరుగుతాయి. నా కుడివైపున, మలుపు బయటి అంచున, సముద్రం నిలువుగా లేచి గోడలా నిలబడుతుంది. నేను యాక్సిలరేటర్ మీంచి కాలు తీయను.

నీటి గోడ లోపల, వరసలు వరసలుగా, ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. వందల మంది ఉంటారు. కొంగులు నడుముకు దోపుకున్నారు, వాళ్ల జుట్టు నీళ్లలో పైకి తేలుతోంది. ఒక్కొక్కరి చేతిలో ఒక స్టీరింగు ఉంది, దేనికీ బిగించనిది. నేను ఎవరి ఎదురుగా దాటుతుంటే వాళ్లు తమ స్టీరింగును ఎడమకు తిప్పి, చేతులకు గుర్తుండేలా, అక్కడే పట్టుకుని ఉంటున్నారు.