డ్యూటీ దిగేదాకా

ఉప్పు కుప్పలట, బండి ఆపి చూడాలట, ఉప్పు చూడటానికి ఇంత దూరం రావాలా, వంటింట్లో డబ్బా మూత తీస్తే కనపడదా, నేను ఆపలేదు, ఆపను కూడా, ఉద్యోగమంతా బస్సు నడిపినవాణ్ణి, స్టాపు లేనిచోట ఆగడం నా కాలికి తెలీదు, ఆవిడ అద్దం దించి తల బయటపెట్టింది, ఎంత తెల్లగా ఉన్నాయో అంది, నాతో కాదు, గాలితో అంది, ఆ గాలే ఆమె జుట్టు తీసుకొచ్చి నా మొహాన కొట్టింది, సగం నెరిసిన జుట్టు, ఇంకెవరింటిదో సబ్బు వాసన, ఈ వాసనతో నేను బతకగలనా లేదా అన్నది ఇవాళ తేలిపోవాలి, ఈ సముద్రపు రోడ్డు పోయి పెద్దరోడ్డులో కలిసేచోట ఆగి నా కూతురికి ఫోను చేసి ఔననో కాదనో చెప్పాలి, అదీ ఒప్పందం, అది పెట్టిన ఒప్పందం, నాన్నా, నువ్వూ ఆవిడా కారేసుకుని తీరం వెంట తిరిగి రండి, అటు ఎవరూ పోరు, ప్రశాంతంగా ఉంటుంది, మాట్లాడుకోండి, పడితే పెళ్ళి రిజిస్టరు చేయిద్దాం, పడకపోతే ఎవరింటికి వాళ్ళు, అంది, పాత కారు కొనే ముందు తోలి చూసినట్టు, ఎవరు ఎవర్ని తోలి చూస్తున్నారో మాత్రం చెప్పలేదు.

ఈవిడ నా బస్సు కండక్టరు భార్య, వాణ్ణి డిపోలో అందరూ ఈల అనేవాళ్ళు, నోట్లో ఈల లేకపోతే వాడికి మాట కూడా సరిగా వచ్చేది కాదు, రిటైరయ్యాక కుర్చీలో కూర్చుని పేపరు చదువుతూ పోయాడు, సుఖంగా పోయాడు, అంత సుఖం వాడికి దక్కాల్సింది కాదు, వాడు ఉన్నన్నాళ్ళూ ఈవిడ నన్ను అన్నయ్యగారూ అనేది, నేను ఏమ్మా అనేవాణ్ణి, ఇప్పుడు అన్నయ్యగారూ అనడానికి లేదు, ఏమండీ అనడానికి ఇంకా రాలేదు, అందుకని బయల్దేరిందగ్గర్నుంచీ ఇదిగో, చూడండి, వినండి అంటూ రోడ్డుమీద అడ్రసు అడిగేవాళ్ళలా పిలుస్తోంది, రాత్రి దిగిన హోటల్లో మేం తప్ప పురుగు లేదు, గోడలన్నీ చెమ్మ, కుళాయి తిప్పితే తుప్పు, రెండు గదులు కావాలంటే మేనేజరు మా ఇద్దరినీ పైకీ కిందకీ చూసి, మీరిద్దరూ ఏమవుతారండీ అన్నాడు, నేను పళ్ళు కొరుక్కుంటుంటే ఈవిడ తాపీగా, ఇంకా ఏమీ కాలేదు నాయనా, చూస్తున్నాం, అంది, వాడు నవ్వాడు, నేను నవ్వలేదు, తెల్లారేదాకా పక్కగదిలో ఆమె దగ్గు వింటూ పడుకున్నాను, మా ఆవిడ ఇలా దగ్గేది కాదు, మా ఆవిడ అసలు ఏ చప్పుడూ చేసేది కాదు, అదే ఆమె చేసిన ద్రోహం.

లైట్‌హౌస్ వచ్చింది, సున్నం రాలిపోయి ముసలి ఏనుగు కాలులా నిలబడింది, ఇదిగో, ఇక్కడ ఒక్కసారి ఆపండి, అంది, ఎందుకు, దాన్ని కౌగిలించుకుంటావా అన్నాను, ఆవిడ పిడికిలి బిగించి కారు తలుపుమీద ఒక్క గుద్దు గుద్దింది, ఒకే ఒక్కటి, నా కాలు దానంతటది బ్రేకు తొక్కేసింది, బండి కీచుమని ఆగింది, ఒక దెబ్బ అంటే ఆపు, రెండు దెబ్బలంటే పోనీ, ఉద్యోగమంతా ఈలగాడు బస్సు రేకు బాది నా ఒంట్లోకి ఎక్కించిన విద్య, ఎవడిచ్చాడు నీకు ఈ హక్కు అన్నాను, మా ఆయన కొడితే ఆగేవారుగా, అంది, వాడు కొట్టేది ప్యాసింజరు దిగాలని, నీ సరదాకి కాదు, అన్నాను, నేనూ ప్యాసింజర్నేగా, అంది, అయితే టికెట్టేదీ, అన్నాను, టికెట్టు కొట్టాల్సినాయన పోయారుగా, అంది, నవ్వు గొంతుదాకా వచ్చింది, మింగేసి మళ్ళీ గేరు వేశాను, ఆవిడ ఏదో చెప్పబోయి నా చేతులకేసి చూసి ఊరుకుంది, ఆ చూపు నాకు తెలుసు, ఆ చూపంటే నాకు అసహ్యం, మా ఇంట్లో అందరూ నా చేతులకేసి అలాగే చూసి ఊరుకునేవాళ్ళు.

డిపోలో ఒక కట్టుబాటు ఉండేది, డ్రైవరు బండి అప్పగించి కిందికి దిగేదాకా చెడ్డకబురు చెప్పకూడదు, తండ్రి పోయినా సరే, కొంప అంటుకున్నా సరే, వెనక అంతమంది ప్రాణాలున్నాయి, చేయి వణికితే ఎవరు పూచీ, ఎవడు మొదలెట్టాడో తెలీదు గానీ గేటు కాపలావాడి నుంచి మేనేజరు దాకా అందరూ పాటించేవాళ్ళు, మా ఆవిడ దాన్ని ఇంటికి తెచ్చుకుంది, రొమ్ములో గడ్డ తగిలిన రోజు నాకు తెల్లవారుజాము డ్యూటీ, వచ్చాక చెబుదాం అనుకుందట, వచ్చాక అలిసిపోయి ఉన్నానట, పొద్దున మళ్ళీ డ్యూటీయట, ఎప్పుడూ రేపు డ్యూటీయే, నాకు తప్ప అందరికీ చెప్పింది, కూతురికి చెప్పింది, ఈవిడకి చెప్పింది, మేం ఇద్దరం బస్సుమీద ఉండగా ఈవిడే ఆమెని ఆసుపత్రికి తీసుకెళ్ళేది, ఈలగాడికీ తెలుసు, తెలిసి నా వెనక నిలబడి రోజూ రైట్ రైట్ అన్నాడు, ఏది రైటురా, ఆమె మంచం మీంచి లేవలేనినాడు గానీ నాకు తెలీలేదు, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారండీ అని డాక్టరు నన్ను అడిగాడు, అందరి ముందూ అడిగాడు, బస్సు నడుపుతున్నానండీ అన్నాను, వాడు నన్ను పశువును చూసినట్టు చూశాడు, ఆ చూపు పడాల్సింది నామీద కాదు, పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డ ఈ ముగ్గురిమీద, ఆమె పోయాక ఈలతో ఒక్కమాట మాట్లాడలేదు, వాడి ఈల విన్నాను, వాడి దెబ్బ విన్నాను, మాట మాత్రం వినలేదు, మరి వాడి పెళ్ళాన్ని పక్కన కూర్చోబెట్టుకోడానికి ఎందుకొప్పుకున్నావురా అంటే, తిని పడుకుంటే ఎదురుగా గోడ తప్ప ఏమీ లేదు గనక, తిట్టుకోడానికైనా ఒక మనిషి కావాలి గనక, మా ఆవిడ చివరి మాటలన్నీ ఈవిడ దగ్గరున్నాయి గనక, వాటిని ఒక్కొక్కటే కక్కించాలనుకున్నాను, బయల్దేరిన దగ్గర్నుంచీ ఒక్కటీ అడగలేకపోయాను.

రోడ్డు ఇరుకైపోయింది, ఒకపక్క సముద్రం, ఒకపక్క కదలని బురదనీళ్ళు, మధ్యలో గట్టు, గట్టుకు గోడ లేదు, ఎదురుగా దూరంగా చేపల లారీ ఒకటి లైట్లేసుకుని వస్తోంది, వినండి, అంది ఆవిడ, ఉప్పు దగ్గర చెబుదామనుకున్నాను, లైట్‌హౌస్ దగ్గర చెబుదామనుకున్నాను, మీరు దిగితే గదా, ఇంకాసేపట్లో మీ అమ్మాయికి ఫోను చేసేస్తారు, ఏమిటో చెప్పు అన్నాను, నడుపుతున్నారుగా అంది, చెప్పమన్నానా, అని అరిచాను, ఆవిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని, నాకూ అదే వచ్చింది, వదినగారికి వచ్చిందే, అదే చోట, అంది, పరీక్షల్లో తేలింది, చిన్నదే, కోసి తీసేస్తే పోతుందన్నారు, పోకపోనూ వచ్చు, అక్కడ ఔనని ఫోను చేశాక చెబితే మోసం, అప్పట్లో నోరు మూసుకున్నాను, ఆ పాపం చాలు, మళ్ళీ మూసుకోలేను.

లారీ మీదికి వచ్చేస్తోంది, ఓహో, నర్సు కోసం వెతుక్కుంటున్నావన్నమాట, అన్నాను, నా నోటికి అదే వచ్చింది, నర్సే కావాలంటే మీ మొహం చూసి వస్తానా, అంది, హారన్ కొట్టాను, ఎడమకి తిప్పాను, రెండు చక్రాలు ఇసకలో దిగాయి, స్టీరింగు గుంజింది, గట్టిగా పట్టి మెల్లగా మళ్ళీ తారు మీదికి తెచ్చాను, లారీ చేపల కంపు, మంచునీళ్ళు మామీద చిమ్మి పోయింది, అంతే, గట్టు దాటేశాం, నేను నా చేతులకేసి చూశాను, వణకలేదు, కాలు తప్పలేదు, గేరు తప్పలేదు, ఇంతకన్నా చెడ్డకబురు నాకు ఇంకేం ఉంటుంది, చెవిలో పడింది, బండి తిన్నగానే పోతోంది, వెనక బస్సు నిండా జనం ఉన్నా ఇలాగే పోయేది, ఏ మలుపులోనైనా, ఏ వానలోనైనా, వెనక నిలబడి ఈలగాడు చెవిలో చెప్పినా పోయేది, తెల్లవారుజామున చెప్పులేసుకుంటుంటే గుమ్మంలో నిలబడి మా ఆవిడ చెప్పినా పోయేది, నా చేతులు ఆగేవి కావు, వాటిని ఎవ్వరూ అడగలేదు, అడక్కుండానే నేను పనికిరానని తీర్పిచ్చారు, ఆమెని క్షమించను, వాణ్ణి క్షమించను, నోరు మూసుకున్నందుకు ఈవిణ్ణీ క్షమించను, పెద్దరోడ్డు కనపడుతోంది, బస్సులు అటూ ఇటూ పోతున్నాయి, ఆపుతారా, ఫోను చేయాలిగా, అంది ఆవిడ, నువ్వే చెయ్యి, ఔనని చెప్పు, ఆపరేషను సంగతి కూడా దానికి చెప్పు, అన్నాను, ఇంకా ఏమున్నాయో చెబుతూ ఉండు, మా ఆవిడ ఏం అందో, ఏం తిందో, ఎక్కడ ఏడ్చిందో, అన్నీ, ఇప్పుడేనా అంది, ఇప్పుడే అన్నాను, నేను నడుపుతూనే వింటాను, నడుపుతూ ఉండగానే నాకు ఏదైనా చెప్పొచ్చు, అప్పుడూ చెప్పి ఉండొచ్చు.