కోయక్కర్లేని మొక్క

దున్న తల ఇనుప చట్రంలో ఇరుక్కోగానే అతను సుత్తి ఎత్తాడు. నుదుటి మధ్య ఒక్కటే దెబ్బ. మోకాళ్ళు ముడుచుకుని దున్న కుప్పకూలింది. రెండో దెబ్బ అవసరం రాకుండా కొట్టడమే అతని పని. కబేళాలో అందరూ అతన్ని ‘సుత్తి’ అనే పిలుస్తారు. మోచేతుల దాకా ఎండిన రక్తం, గోళ్ళ కింద ఎంత తోమినా వదలని నలుపు. మనిషి మాత్రం పరమ నెమ్మది. ఇంట్లోకి ఈగ వస్తే తలుపు తీసి బయటికి తోలే రకం.

పొద్దున బయలుదేరేటప్పుడు అక్క గుర్తు చేసింది.

“ఒరేయ్, వంటింటి కిటికీలోకి ఓ పుదీనా కుండీ తెచ్చిపెట్టరా. రోజూ నాలుగాకులు తుంపుకుంటాను.”

భర్త పోయాక అక్క అతని దగ్గరే ఉంటోంది. అతనికి పెళ్ళి కాలేదు. వచ్చిన సంబంధాలన్నీ అతని పనేమిటో తెలియగానే వెనక్కి పోయాయి.

మధ్యాహ్నం చేతులు కడుక్కుని ఎదురుగా ఉన్న మొక్కల దుకాణానికి వెళ్ళాడు. పుదీనా ఘుమఘుమలాడుతోంది. దాని పక్కనే, దళసరి ఆకులు గులాబీలా ముడుచుకున్న చిన్న మొక్క.

“పుదీనా తీసుకో అన్నా, కోసేకొద్దీ చిగురిస్తుంది,” అంది దుకాణం ఆమె. “అదంటావా, ఊరికే చూసుకోవడానికే. నీళ్ళు కూడా ఎప్పుడో ఓసారి పోస్తే చాలు.”

“కోయక్కర్లేదా?”

“కోస్తే ఏమొస్తుంది!”

రెండు కుండీలూ చెరో చేత పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. అక్క తిడుతుంది. తిట్టనీ. పుదీనా కింద పెట్టేశాడు.

“ఇదివ్వమ్మా. ఇంట్లో కూడా కోతలెందుకు.”

తోళ్ళు ఒలిచేవాడు కబేళా గుమ్మంలోనే ఎదురయ్యాడు. వాడిది మొదట్నుంచీ నోటిదురుసు.

“ఏం సుత్తన్నా, ఇన్నాళ్ళకి ఎవరిమీదైనా మనసయిందా?” అంటూ కుండీ లాక్కున్నాడు. కత్తిమొనతో ఒక్కో ఆకే చీల్చసాగాడు. నీళ్ళలాంటి రసం కారింది.

“వద్దురా. ఇచ్చెయ్.”

“అబ్బో, దీనికి నొప్పా? పొద్దుట్నుంచి నువ్వు పడేసినవాటికి లేదా?”

నవ్వుతూనే మొక్కను మొదలంటా నరికేశాడు.

పిడికిలి ఎప్పుడు లేచిందో అతనికే తెలియదు. వాడి పళ్ళు రాలాయి. నెత్తుటి నేలమీద దొర్లుతూ ఇద్దరూ ఇనుప చట్రం దాకా వచ్చారు. ముక్కెముక చితికింది. జుట్టు పట్టి వాడి తలను సిమెంటు గట్టుకేసి మోదాడు, మళ్ళీ మోదాడు. డొక్కలో ఏదో చల్లగా తగిలినా పట్టించుకోలేదు. చేతికి సుత్తి అందింది. ఎత్తాడు.

కింద రెండు కళ్ళు రెప్ప వేయకుండా చూస్తున్నాయి. ఆ చూపు అతను రోజూ చూసేదే. ఇన్నేళ్ళలో మొదటిసారి, ఎత్తిన సుత్తి దించి పక్కన పెట్టాడు.

జనం పరిగెత్తుకొచ్చి వాణ్ణి ఈడ్చుకుపోయారు. అతను గోడకు చేరగిలబడ్డాడు. కత్తి పిడిదాకా దిగి ఉంది.

“అక్కకి చెప్పండి... పుదీనా తేలేదని.”

మేస్త్రి మంచినీళ్ళు తెచ్చేసరికి తల పక్కకి వాలిపోయింది.

కబురు చెప్పడానికి మేస్త్రే వెళ్ళాడు. తలుపు తీసిన అక్క ఆయన చొక్కామీది మరకలు చూసి, అడగకుండానే గుమ్మంలో కూలబడింది. ఆమె వెనక, వంటింటి కిటికీ గట్టు మీద, కుండీలోంచి కారే నీళ్ళు పట్టడానికి, అంచు విరిగిన సాసరొకటి తుడిచి పెట్టి ఉంది.