కింది వేలు

...అయినా సూది తనకి తగలకుండా చూసుకోవడమే కదా ఇన్నేళ్ళూ నేర్చుకున్నది, ఇప్పుడు తగిలించుకోమంటే చెయ్యి ఎలా ఒప్పుకుంటుంది, అనుకుంటోంది ఆమె. ఒప్పుకోవడం లేదు కూడా. కుడి చెయ్యి సూదిని గుడ్డలోకి దించుతోంది. బొంత బిగించిన చట్రం కింద ఉన్న ఎడమ చెయ్యి మాత్రం, మొన తగలడానికి వెంట్రుకవాసి ముందే పక్కకి తప్పుకుంటోంది. ఆమెని అడిగి తప్పుకోవడం లేదు. ఆ చెయ్యి ఆమెది కానట్టు, ఎవరింటికో పనికొచ్చి ముభావంగా కూర్చున్న మనిషిలా దానిపాటికది ఉంది.

ల్యాబ్‌లో రక్తం తీసే పని ఆమెది. పరగడుపున వచ్చి వరసగా కూర్చునే వాళ్ళ చేతుల్లో నరం వెతకడం, "చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అనడం, గుచ్చడం, తీయడం. ఆ పనిలో అన్నిటికంటే ముందు నేర్పే పాఠం ఒకటుంది. వాడిన సూది నీకు గుచ్చుకోకూడదు. గుచ్చుకుంటే నీకే పరీక్షలు, నెలల తరబడి నీకే నిద్ర పట్టదు. ఆ పాఠాన్ని ఆమె ఎంత బాగా నేర్చుకుందంటే, ఇంట్లో గుండీ కుట్టుకునేటప్పుడు కూడా సూదికి చేతులు దూరంగా పెట్టుకుంటుంది.

కొంచెంసేపటి క్రితం అనుమానం వచ్చి చట్రం కింద అరచెయ్యి పెట్టి నిమిరింది. అడుగు గుడ్డ నున్నగా ఉంది. కుట్టిన ఆనవాలే లేదు. ఇన్ని వారాలుగా కుట్టిన వరసల్లో ఒక్క కుట్టూ కిందికి దిగలేదు.

సైకిళ్ళ షాపు మీదున్న పొడవాటి గది అది. కింద చక్రాలకి గాలి కొట్టే శబ్దం, రబ్బరు వాసన మెట్లెక్కి వస్తుంటాయి. ఆదివారం మధ్యాహ్నాలు ఇక్కడ బొంతలు కుట్టడం నేర్పుతారు. నేర్పేవాళ్ళు ఇద్దరు. ఒకరు అత్త. ఎవరికి అత్తో ఎవరికీ తెలీదు, అందరికీ అత్తే. రెండో ఆయన బాబాయి, దర్జీ పని మానేసిన మనిషి, గుడ్డ మీద సుద్దతో ఆయన గీసిన గీతకి స్కేలు కూడా వంక పెట్టలేదు. ఇద్దరికీ క్షణం పడదు. ఒకరు రాని రోజున రెండోవారికి పనిలో చెయ్యి ఆడదు.

"అందరూ ఒకసారి ఇటు చూడండి," అన్నాడు బాబాయి ఆమె వెనక నిలబడి. "ల్యాబమ్మాయి కుట్లు చూడండి. బియ్యపుగింజలు పేర్చినట్టు లేవూ? పంతులమ్మగారూ, మీవేమో ఇంటర్వెల్ గంట కొట్టగానే పిల్లలు పరిగెత్తినట్టున్నాయి."

"పోనీలెండి బాబాయిగారూ, నా పిల్లలు నా దగ్గరకే వస్తారు," అంది పక్క చట్రం దగ్గర పంతులమ్మ, నోట్లో దారం కొస పెట్టుకునే.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. పొగడ్త మెడ మీద తడిగుడ్డలా పడింది. మొదటి రోజు అత్త చెప్పింది గుర్తొచ్చింది. "బొంతంటే మూడు పొరల కాపురం. పై గుడ్డ, నడుమ దూది, అడుగు గుడ్డ. ఈ ముగ్గుర్నీ కట్టిపడేసేది కుట్టొక్కటే. అది అడుగుదాకా దిగలేదా, రెండు ఉతుకులకి దూదంతా ఓ మూలకి చేరి అలిగి కూర్చుంటుంది."

ఆమె కుడుతున్నది చిన్న బొంత. చెల్లెలికి నెలలు నిండుతున్నాయి. ఆమధ్య ఫోన్ చేసి, "అక్కా, భయంగా ఉందే," అంది చెల్లెలు. "హిమోగ్లోబిన్ ఎంతుంది?" అని అడిగింది ఆమె. అవతల చెల్లెలు నవ్వింది. "నీకు ఫోన్ చేస్తే ల్యాబ్‌కి చేసినట్టే ఉంటుందక్కా." ఆ నవ్వు ఆమె లోపల ఎక్కడో ఆగిపోయి, ఇప్పటికీ అరగలేదు. ఆ వారమే ఈ మెట్లెక్కింది. బొంత కుడుతున్నానని చెబితే చెల్లెలు, "అయితే పుట్టగానే నీ బొంతే కప్పుతాను, ఇంకోటి కొనను," అంది. అన్నంత పనీ చేసే పిల్ల. నిజంగానే ఇంకోటి కొనలేదు.

తలెత్తి అత్త వైపు చూసింది. ఇలా చూడటం ఆమెకి అలవాటైపోయింది. అత్త కుడుతున్నప్పుడు చేతుల వైపు చూడదు. కిటికీలోంచి వీధి చూస్తుంది, బాబాయిని దెప్పుతుంది, పంతులమ్మకి చిక్కుపడ్డ దారం సంగతి కూర్చున్నచోటి నుంచే చెబుతుంది. చట్రం పైన కుడి చేతి వేలికి తొడిగిన ఇత్తడి టోపీ సూదిని నెడుతుంటుంది, కిందనుంచి ఎడమ చేతి వేలు దాన్ని పైకి తిప్పి పంపుతుంటుంది. పై చెయ్యి ఒక మాట అన్నట్టూ, కింది చెయ్యి దానికి జవాబు చెప్పినట్టూ ఉంటుంది. వాటి మధ్య గుడ్డ, చెరువు మీద చిన్న గాలి వీచినట్టు, ముడతలు ముడతలుగా లేచి పడుతుంది. ఇంత నిబ్బరంగా ఒక పని చేసే మనిషిని ఆమె తన జీవితంలో చూడలేదు. తను కూడా పనిమంతురాలే. కానీ తన పనిలో ఉన్నది జాగ్రత్త. అత్త చేతుల్లో ఉన్నది ఇంకేదో, దానికి ఆమె దగ్గర పేరు లేదు.

అత్త లేచి వచ్చింది. పక్కన బల్ల మీద కూలబడి, చట్రం కింద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి అటు చివరినుంచి ఇటు చివరిదాకా నడిచొచ్చింది.

"పైన పటారం లోన లొటారం," అంది అత్త, ఆమెకి మాత్రమే వినపడేంత మెల్లగా.

"తెలుసత్తా. ఇందాకే చూసుకున్నాను."

"మరి చెప్పవేం?"

"బాబాయిగారు మెచ్చుకుంటుంటే..."

"ఆయన పైపైన చూసే మనిషి. ఆయన గీతలూ అంతే, గుడ్డ మీదే ఉంటాయి." అత్త గొంతు పెంచింది. "ఏమయ్యా, నిన్నే."

"వినపడింది, వినపడింది. ఎప్పుడూ ఉన్నదే," అన్నాడు బాబాయి అక్కడినుంచే.

అత్త ఆమె ఎడమ చెయ్యి పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూసింది. వేలి కొసలు నున్నగా ఉన్నాయి, ఒక్క గాటు లేదు. "రోజంతా ఊరందర్నీ పొడుస్తావు. నీకొక్క పోటు తగిలితే ఏమవుతుందమ్మాయ్?"

ఆమె చెప్పింది. అక్కడ పోటు తగిలితే ఏమవుతుందో, ఎన్ని పరీక్షలో, ఫలితం వచ్చేదాకా ఇంట్లో తన గ్లాసు తనే వేరుగా పెట్టుకున్న తోటి ఉద్యోగిని సంగతీ చెప్పింది. ఎవరైనా నవ్వుతారని ఈ మాటలు ఇంతవరకూ బయటికి అనలేదు. అత్త నవ్వలేదు. కాసేపు ఆ చేతిని అలాగే పట్టుకుంది.

"అయితే దీని తప్పేం లేదు. దానికి చెప్పిన పని అది చేస్తోంది, పాపం. ఇక్కడ పని వేరని దానికి ఎవరూ చెప్పలేదు." తన ఎడమ వేలు ఆమె చేతిలో పెట్టింది. "ఇదిగో, దీన్ని చూడు."

ఆమె అలవాటు కొద్దీ ఆ వేలి కొసని రెండు వేళ్ళతో నొక్కి చూసింది, రక్తం తీసే ముందు నొక్కినట్టు. చర్మం చెప్పు అట్టలా గట్టిపడి ఉంది. లోపల ఎక్కడో మనిషి ఉన్నట్టు వెచ్చగా ఉంది.

"మీకు నేను రక్తం తియ్యలేనత్తా. సూది విరుగుతుంది."

"మొదట్లో నీ వేలి కంటే మెత్తగా ఉండేది. గుచ్చుకుని ఏడ్చేదాన్ని. సూది దిగిందో లేదో కంటికి తెలీదు, పై చేతికి తెలీదు. కింది వేలికే తెలుస్తుంది. అది చెబితేనే పై చెయ్యి ఆగాలి." అత్త కత్తెర అందుకుని పై వరస ముడి తెంపి, దారం కొస పట్టి లాగింది. కిందికి దిగని కుట్లేమో, బియ్యపుగింజలన్నీ జర్రున ఊడొచ్చేశాయి. అత్త తన చెయ్యి చట్రం కింద పెట్టింది. "ఊఁ, కుట్టు. నా వేలు కింద ఉంది. తగిలిందని నేను చెప్తాను, అప్పుడాగు."

"మీకు గుచ్చుకుంటుంది."

"పక్కవాళ్ళకి గుచ్చడం నీకు కొత్తా?"

"రక్తం వస్తే గుడ్డకి..."

"ఎవరి రక్తానికి వాళ్ళ ఉమ్మే మందు," అన్నాడు బాబాయి, ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో. "ఉమ్మి తడి చేసి రుద్దితే మరక మాయం. పక్కవాళ్ళ ఉమ్మితో మాత్రం పోదు."

ల్యాబ్‌లో ఈ మాట అంటే ఉద్యోగం పోతుంది, అనుకుంది ఆమె. ఆ ఆలోచనకి తనకే నవ్వొచ్చింది.

సూది దించింది. "ఊఁ," అంది అత్త. పైకి తీసింది, మళ్ళీ దించింది. "ఊఁ." ఒక్కోసారి ఆమె ముందే ఆగిపోయేది. అప్పుడు అత్త ఏమీ అనేది కాదు, ఎదురుచూసేది, ఆమె ఇంకాస్త దించేది. "ఊఁ." మెల్లమెల్లగా ఆ చిన్న మాట కోసమే సూది దించసాగింది. ఎన్ని వేలమందికి తను గుచ్చలేదు. వాళ్ళెవరూ లోపలినుంచి ఇలా జవాబు చెప్పలేదు. చెప్పే ఉంటారేమో. ముఖం తిప్పుకుని పళ్ళు బిగబట్టిన వాళ్ళకి "అంతే, అయిపోయింది" అని దూదిముక్క అద్దడమే తప్ప, తగిలిందా అని తనెప్పుడూ అడగలేదు. 'భయంగా ఉందే' అన్న చెల్లెల్ని కూడా.

వరస పూర్తయింది. బియ్యపుగింజలు కావవి. వంకరగా, ఒకటి పెద్దదిగా ఒకటి చిన్నదిగా ఉన్నాయి. అత్త ఆమె అరచేతిని కిందికి లాగి అడుగు గుడ్డకి ఆనించింది. కుట్లు చుక్కలు చుక్కలుగా తగిలాయి.

"అత్తయ్యగారూ, నా దారం మళ్ళీ ముళ్ళేసుకుని పెళ్ళాడింది," అంది పంతులమ్మ అటునుంచి.

"విడాకులిప్పిద్దాం ఉండు," అంటూ అత్త మోకాళ్ళు పట్టుకుని లేచి వెళ్ళింది.

చట్రం కింద ఇప్పుడు ఎవరి వేలూ లేదు. తర్వాతి గీత సుద్దతో తెల్లగా, తిన్నగా ఎదురుచూస్తోంది. ఆమె అత్త వేలికి తగిలిన పాత సూదిని సూదుల దిండుకి గుచ్చేసి, పొట్లంలోంచి కొత్తది తీసింది. ఆ అలవాటు మాత్రం పోదు, పోకపోయినా ఫర్వాలేదు. దారం ఎక్కించింది. ఒడిలో ఉన్న ఎడమ చేతిని చూసింది. దాన్ని చట్రం కిందికి పంపి, చూపుడువేలిని గుడ్డకి ఆనించి ఉంచింది.

సూది దిగింది. పై గుడ్డ దాటింది, దూది దాటింది. వేలు పక్కకి జరగబోయింది. జరగనివ్వలేదు. సన్నగా, చురుక్కున, చీమ కుట్టినట్టు తగిలింది.

"ఊఁ," అంది ఆమె, పైకే.