మా లోపలి మేస్త్రీ

నీళ్ళు తాగినందుకు మనిషిని కొట్టడం నేను కళ్ళారా చూశాను, తమ్ముళ్ళారా.

1957 ఎండాకాలం. మద్రాసు రాష్ట్రంలో, రాజపాళయం నుంచి సత్రపట్టికి పోయే దారిలో ఒక నూలు మిల్లు. నాది మంసాపురం, రైతు కుటుంబం. పేరు సౌందరరాజన్. ఆ మిల్లులో నూలు వడికే మరల దగ్గర పని, తొళిలాళుల, అంటే కార్మికుల, సంఘానికి కార్యదర్శిని. పత్తి బేళ్ళు విప్పే గదిలో గాలికంటే దుమ్మెక్కువ. అందులో పనిచేసేవాళ్ళంతా ఊరికి అవతల ఉన్న చేరి, అంటే అంటరానివాళ్ళని దూరం పెట్టిన వాడ, మనుషులు. ఇంట్లో వాళ్ళు మాట్లాడేదీ మాలాగే తెలుగే. అయినా మిల్లులో నీళ్ళ కుండను వాళ్ళు ముట్టకూడదు. ఎవరైనా పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగాలి.

ఆ మధ్యాహ్నం బేళ్ళ గదిలోంచి చిన్నతంబి దగ్గుకుంటూ బయటికొచ్చాడు. కనురెప్పల మీద కూడా దూది. పోసే మనిషి లేడు. రెండు సార్లు అటూ ఇటూ చూశాడు. మూడోసారి దగ్గు తెర వచ్చేసరికి తానే లోటా ముంచాడు.

మేస్త్రీ కుమారసామి మర బెల్టు ముక్క పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఎవర్ని అడిగి ముంచినావురా?"

"పోసేదానికి ఎవరూ లేరు సామీ. గొంతు పట్టుకొనింది."

"గొంతు పట్టుకొంటే చావు. కుండనెందుకు పాడు చేసినావు?"

ఒక్క తన్నుతో కుండ పగిలింది. తర్వాత బెల్టు లేచింది. అరవైమందిమి చూస్తున్నాం. మరలు తిరుగుతూనే ఉన్నాయి. నేను నా మర ఆపి వెళ్ళేలోపల నాలుగు దెబ్బలు పడ్డాయి. ఐదోది నా చేతి మీద పడింది. సాయంకాలానికల్లా చిన్నతంబిని పనిలోంచి తీసేశారు.

ఆదివారం పొద్దున సంఘం కొట్టంలో కూటం పెట్టాం. మూడువందల మంది. కూర్చోవడంలోనే తెలిసిపోతోంది: చేరి వాళ్ళంతా వెనక, గోడ పక్కన. నా పక్క మర మీద పనిచేసే గోవింద లేచాడు.

"కూలికి నిలబడదాము, బోనస్‌కి నిలబడదాము. కుండకి స్ట్రైక్ చేసే సంఘం ఏ ఊర్లోనైనా ఉండాదా? దీనికని నా పిల్లకాయలు పస్తుండాల్నా?"

"రెండేండ్లయింది చట్టం వచ్చి" అన్నాను. "అంటరానితనం నేరం అని రాసుండాది."

"కాగితంలో రాసుండాది. నా ఇంట్లో రాయలేదు."

కొందరు నవ్వారు. అప్పుడు నేను మాట్లాడాను. బాగా మాట్లాడాను, తమ్ముళ్ళారా, దాచుకోను. మన చెమటంతా ఒకే రంగన్నాను. కుండను విడదీసిన మొదలాళి, ఈ మిల్లు యజమాని, రేపు కూలిని విడదీస్తాడన్నాను. "నాకు జాతి లేదు. ఎప్పుడో కడిగేసుకొన్నాను" అని గుండె మీద చరుచుకున్నాను. చేతులు లేచాయి. స్ట్రైక్ ఖాయమైంది. చిన్నతంబిని మళ్ళీ పనిలోకి తీసుకోవాలి, అందరికీ ఒకే కుండ ఉండాలి. ఆ రెండే కోరికలు.

మిల్లు గేటు ముందు, సంఘం కొట్టం పక్కనే పందిరి వేసి, అందరికీ కంజి, అంటే పల్చటి అన్నం గంజి, కాచాం. చిన్నతంబి భార్య బొమ్మి, నూలు చిలపలు చుట్టే పని ఆమెది, పొయ్యి దగ్గర నిలబడింది. మొదటి రోజు సగం మంది ఆ కంజి ముట్టకుండా ఇంటి నుంచి తెచ్చుకున్న మూటలు విప్పారు. నేను పందిరి కింద తిరుగుతూ, కామ్రేడ్లందరినీ తోళర్ అని పిలుస్తూ, "ఒకే వరసలో కూర్చోండి తోళర్, అందరూ కలిసి తినండి" అని చెబుతూనే ఉన్నాను.

మూడో రోజు బొమ్మి గరిటె ఆపింది.

"అన్నా, ఒకటి అడిగితే కోపం పెట్టుకోవు కదా?"

"అడుగు."

"మూడు దినాలుగా చూస్తా ఉండాను. అందరినీ తిను తిను అంటావు. నువ్వు తినింది నేను చూడలే."

"పని ఎక్కువమ్మా. కడుపు కూడా సరిగా లేదు."

"కడుపు సరిగా లేదా? లేకుంటే కంజి సరిగా లేదా?"

వరస మొత్తం తలెత్తింది. అబద్ధం నోటిదాకా వచ్చింది. చెప్పగలిగేవాణ్ణే. కానీ ఆమె కళ్ళలో కోపం లేదు. కంజే సరిగా లేదంటానని భయపడుతున్నట్టుంది. అది చూశాక చెప్పలేకపోయాను.

నిజానికి ఆ క్షణం వరకూ నాకే తెలియదు. పని ఉందనే అనుకున్నాను, కడుపు బాగాలేదనే అనుకున్నాను. ప్రతి మధ్యాహ్నం కంజి దించే వేళకు నా కాళ్ళు వాటంతట అవే కొట్టంలోకి నడిచేవి. చిన్నప్పుడు చేరి మనిషి నిలబడి వెళ్ళిన చోట మా అమ్మ పేడనీళ్ళు చల్లేది. ఆ వాసన నేను మరిచిపోయాననుకున్నాను.

"నా చేయి రాలేదు బొమ్మీ" అన్నాను అందరికీ వినబడేటట్టు. "కడిగేసుకొన్నానని చెప్పినాను. అది అబద్ధం. నాలో ఉండాది."

గోవింద ఎగిరి లేచాడు. "విన్నారా! లీడరే చెప్తా ఉండాడు. పోయేది కాదిది. ఎవరి కుండ వాళ్ళకి. పదండ్రా!"

జనంలో గొడవ లేచింది. చేరి కుర్రకారు నన్ను తిట్టారు. ఊరివాళ్ళు ఒకరొకరుగా మూటలు సర్దుతున్నారు. ఇరవై ఏళ్ళలో కట్టిన సంఘం నా ఒక్క మాటకు విడిపోతోందనిపించింది.

చిన్నతంబి లేచాడు. వీపు మీద బెల్టు గాయాలు ఇంకా మానలేదు. కూటంలో అంతవరకు నోరు విప్పని మనిషి.

"నేను కూడా ఒకటి చెప్పల్ల" అన్నాడు. "మా చేరికి గుడ్డలు ఉతికేవాడొకడు ఉండాడు. వాడు మా కంటే కింద అని మేము పెట్టుకొన్నాము. నిన్న వాడు ఈడికి కంజికి వచ్చినాడు. దూరంగా నిలువురా అని చెప్పింది ఎవరు? నేనే. వీపు మండతా ఉంటే కూడా ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. కుమారసామి ఒకడే మేస్త్రీ అనుకొంటిమి. లోపల ఇంకొకడు ఉండాడు."

ఆ చాకలి పందిరి బయట ఎండలో నిలబడే ఉన్నాడు. ఈ రోజు కూడా వచ్చాడు.

"అయితే ఇది ఎవరికీ పోదా?" అని అడిగింది బొమ్మి. నన్నే అడిగింది.

"తెలీదు" అన్నాను.

"పోకుంటే పోనీ. దగ్గు పోదని ఊపిరి తీసుకోకుండా ఉంటామా? మీ మనసు మారేదాకా నా మొగుడు ఎండిపోవాల్నా? ముందు కూర్చోండి. తినండి. మనసు ఎనకాల మెల్లిగా రానీ."

చిన్నతంబి బయటికెళ్ళి చాకలి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. మనిషి బెదిరిపోయి ఉన్నాడు. అతని పక్కన చిన్నతంబి, ఆ పక్కన నేను. బొమ్మి వడ్డించింది. గిన్నె ఎత్తి మొత్తం తాగాను.

తర్వాత కొట్టం వెనక్కి వెళ్ళి కక్కుకున్నాను. ఇది కూడా మీకు చెప్పాలి. గోడ పట్టుకుని నిలబడి ఉంటే వెనక బొమ్మి నీళ్ళ చెంబుతో వచ్చింది.

"రేపు కూడా అదే చోటులో కూర్చో అన్నా" అంది. అంతే.

కూర్చున్నాను. ఆ మరునాడూ కూర్చున్నాను. ఐదో రోజుకు కడుపులో నిలిచింది.

గోవింద నలభైమందితో వెనక గేటు గుండా పనిలోకి వెళ్ళిపోయాడు. అయితే బేళ్ళు విప్పేవాళ్ళు లేకపోతే మిల్లులో ఏ మరకూ మేత లేదు. మేస్త్రీ వాళ్ళనే బేళ్ళ గదిలోకి తోలాడు. వెళ్ళిన రెండో రోజే గోవింద కళ్ళెర్రగా, దగ్గుతూ బయటికొచ్చాడు. వరస చివర, అందరికీ జానెడు ఎడంగా కూర్చున్నాడు. "నాకు ఇష్టం లేదు. ఆ గది చూసొచ్చినాను, అందుకని కూర్చుంటా ఉండాను" అన్నాడు. బొమ్మి వడ్డించింది. తిన్నాడు.

తొమ్మిదో రోజు పొద్దున పోలీసు వ్యాన్లు వచ్చాయి. పొయ్యిలు తన్నేశారు, లాఠీలు విరిగేదాకా కొట్టారు. పద్దెనిమిది మందిని పట్టుకెళ్ళారు. మిగతా జనం వ్యాన్ల వెనకే నడిచి వచ్చి స్టేషన్ ముందు దారి మీద కూర్చున్నారు.

లోపల రైటరు పెద్ద రిజిస్టరు తెరిచాడు. ముందు నన్ను తోశారు.

"పేరు?"

"సౌందరరాజ నాయక్కర్."

ఎవరూ జాతి అడగలేదు. నా నాలుకే చెప్పింది. వెనక వరసలో బొమ్మి దగ్గింది. నవ్వు ఆపుకోవడానికో, మరెందుకో. నా చెవులు కాలిపోయాయి.

"అయ్యా, వెనక మాట కొట్టేయండి. సౌందరరాజన్ అని మాత్రం రాయండి" అన్నాను.

"రాసింది రాసినట్టే. జరుగు."

"కొట్టేస్తేనే జరుగుతాను."

ఇన్‌స్పెక్టరు నా చెంప మీద కొట్టాడు. నోట్లో రక్తం వచ్చింది. నేను కదల్లేదు.

"కొట్టేయ్ సామీ" అన్నాడు చిన్నతంబి.

"కొట్టేయ్" అన్నాడు గోవింద. అతన్నీ పట్టుకొచ్చారు. ఆ మాట అతని నోట వినబడుతుందని నేననుకోలేదు.

పద్దెనిమిది గొంతులు అందుకున్నాయి. బయట దారి మీద వాళ్ళకు ఎందుకో తెలియకపోయినా అదే మాట అందుకున్నారు. కొట్టేయ్! కొట్టేయ్! కిటికీ రెక్కలు అదిరాయి. ఊళ్ళో ఇంకో రెండు మిల్లుల నుంచి షిఫ్టు దిగినవాళ్ళు కూడా వచ్చి దారి మీద కూర్చుంటున్నారని కాపలా జవాను లోపలికొచ్చి చెప్పాడు. ఇన్‌స్పెక్టరు కిటికీలోంచి చూసి రైటరుకు తలూపాడు. రైటరు కలం ముంచి ఒక గీత గీశాడు.

బొమ్మికి చదువు రాదు. ముందుకు వంగి రిజిస్టరు చూసింది.

"పోయిందా అన్నా?"

చూశాను. గీత కింద అక్షరాలు చక్కగా కనిపిస్తున్నాయి.

"లేదు బొమ్మీ. కనబడతా ఉండాది."

"అయితే ఇంకో గీత గీయమని చెప్పు" అంది.