పక్కింటి పది తులాలు

నా నోరు మంచిదని మా గల్లీలో పేరు. కాశిబుగ్గలో మేమున్న చోట మూడు సంబంధాలు నా మాట మీదే కుదిరాయి. ఎంక్వైరీకి వచ్చినవాళ్లు ముందుగా పిల్ల ఇంటికి వెళ్లరు కదా, పక్కింటి తలుపు కొడతారు. ఆ పక్కిల్లు నాదైతే సంబంధం ఖాయమైనట్టే. మా చర్చి ఆడవాళ్లు కూడా "హెప్సిబక్కను అడగండి" అని నా దగ్గరికే పంపుతారు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. నాకు వెయ్యి దాకా ఎప్పుడూ అవసరం పడలేదు, నాలుగైదుతోనే పని జరిగేది.

అందుకే రంజాన్ మొదలైన నాలుగో రోజు మధ్యాహ్నం ఇద్దరు మనుషులు మా గేటు ముందు నిలబడి, పక్కింటి వైపు చూస్తూ మెల్లగా మాట్లాడుకుంటుంటే, సంగతి ఇట్టే పసిగట్టాననుకున్నాను.

పక్కింట్లో జైతూన్ వాళ్లు కిరాయికి ఉంటారు. ఆమె భర్త యాకూబ్ పాషా ట్రాలీ ఆటో నడిపేవాడు. ఎనిమిది నెలల కింద వర్ధన్నపేట దగ్గర ఆటో బోల్తాపడి నడుము విరిగింది. అప్పటి నుంచి మంచం మీదే ఉన్నాడు. ఒక్కతే కూతురు అఫ్రీన్, నర్సింగ్ ఆఖరి సంవత్సరం. పిల్ల చక్కనిది, పెళ్లీడుకొచ్చింది.

వచ్చినవాళ్లలో ఒకాయన తెల్లగడ్డం పెద్దమనిషి. రెండోవాడు ఫైలు పట్టుకున్న కుర్రాడు. అతన్నే పెళ్లికొడుకనుకుని ఎగాదిగా చూశాను. ఎత్తు బాగానే ఉంది.

"జర రెండు మాటలు అడుగుతం అమ్మా, పక్కింటోళ్ల గురించి," అన్నాడు పెద్దాయన. "మేమొచ్చినట్టు వాళ్లకు తెల్వద్దు. వాళ్లకు బంగారం గని, జాగ గని ఏమన్న ఉన్నదా?"

"ఎందుకు లేదు? పిల్ల కోసమని పది తులాలు తీసిపెట్టింది జైతూన్. మడికొండల ప్లాటున్నది, ఐటీ పార్కుకు దగ్గర్నే. ఇల్లు కట్టుకునేదాక ఈడ కిరాయికున్నరు. యాకూబన్నకు జర నడుము నొస్తాంది గంతే, లేచి తిరుగుతడు. వాళ్లకేం ఫికర్ లేదు."

పెద్దాయన మొహం వికసించింది. "మాషా అల్లా. మంచి మాట చెప్పిన్రు," అని కుర్రాడి వైపు తిరిగి "రాసుకో" అన్నాడు. అఫ్రీన్ గురించి మాత్రం ఒక్క ముక్కా అడగలేదు. అది నాకప్పుడు తట్టలేదు.

ఆ సాయంత్రం నా ఘనకార్యం విని మా ఆయన సుందర్ రావు, "వాళ్లకు ప్లాటెప్పుడొచ్చింది?" అన్నాడు.

"పెళ్లయినంక అదే వస్తది," అన్నాను.

వారం దాటినా పక్కింట్లో పెళ్లి కబురేమీ వినిపించలేదు. పైగా అఫ్రీన్ కాలేజీకి వెళ్లడం మానేసింది. శుక్రవారం జైతూన్ వచ్చి మా మెట్ల మీద కూర్చుంటే, "ఏంది, సంబంధమేమన్న వచ్చిందా?" అని నవ్వుతూ అడిగాను.

"ఏం సంబంధం అక్కా," అంది. కొంగు చివర వేలికి చుట్టుకుంది. "నీకు చెప్పలె, సిగ్గయింది. పిల్ల ఫీజు కోసం మసీదు కమిటీల అర్జీ పెట్టిన. జకాత్ పైసలు ఇస్తరని."

"అంటే?"

"ఉన్నోళ్లు ఏడాదికోసారి తప్పకుంట తియ్యాల్సిన పైసలక్కా. అవి లేనోళ్లకే పోవాలె. ఏడున్నర తులాల బంగారం ఉన్నోళ్లు ఇయ్యాలె గని తీసుకోవద్దు. మాకు పది తులాలున్నదని, మడికొండల ప్లాటున్నదని ఎవరో చెప్పిన్రట. పేరు కొట్టేసిన్రు. 'నువ్వే జకాత్ తియ్యాలె గద బేటీ' అన్నడు ఆ పెద్దాయన. ఏడ తల పెట్టుకోవాల్నో తెల్వలె. ఇరవై తారీఖు లోపల నలభై వేలు కట్టకుంటే పిల్లను పరీక్ష రాయనియ్యరు."

"ఎవరు చెప్పిన్రట?"

"పేరు చెప్పలె. ఇంకెవరక్కా, యాకమ్మే. మా ఇంటి గుట్టు ఆమెకొక్కదానికే తెల్సు, ఆమెనే అడిగుంటరు. మొన్న నల్లా కాడ లొల్లి అయింది గద, అది మనసుల పెట్టుకున్నది."

యాకమ్మ మా ఎదురింటి మనిషి, కూరగాయల బండి పెట్టుకుని బతుకుతుంది. కాదు జైతూన్, చెప్పింది నేనే అనాల్సిన క్షణం అదే. నా మంచి నోరు ఏమందో రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

"ఏమో జైతూన్, ఎవరినీ నమ్మేటట్టు లేదు," అన్నాను.

రెండు రోజులు గడిచాయి. జైతూన్ యాకమ్మ బండి పక్కనుంచే తల తిప్పుకుని పోవడం కిటికీలోంచి చూశాను. యాకమ్మ ఆమె వెనకాలే చూస్తూ ఉండిపోవడం కూడా చూశాను. ఆదివారం చర్చిలో పాస్టర్‌గారు పది ఆజ్ఞలు చదువుతూ, పొరుగువాళ్ల మీద అబద్ధ సాక్ష్యం దగ్గరికి వచ్చేసరికి నా తల వాలిపోయింది. ఇన్నాళ్లూ అది చెడు చెప్పేవాళ్ల సంగతి అనుకున్నాను. మంచి చెప్పి కూడా పక్కింటి కడుపు కొట్టవచ్చని ఎవరూ నేర్పలేదు నాకు.

సోమవారం మసీదు పక్కనున్న కమిటీ గదికి వెళ్లి ఉన్నదంతా చెప్పేశాను. పెళ్లి సంబంధం అనుకున్నానంటే కుర్రాడు నవ్వబోయి, పెద్దాయన మొహం చూసి ఆగిపోయాడు.

"ఆరోజు చెప్పింది అబద్ధమా, ఇయ్యాల చెప్తాంది అబద్ధమా అమ్మా?" అన్నాడు పెద్దాయన. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. "ఈ పైసలు నావి గావు. హక్కు లేనోళ్లకు పోతే రేపు నేను జవాబియ్యాలె. మీ మాట మీద కొట్టేసిన పేరు మళ్ల మీ మాట మీదనే ఎట్ల రాయాలె? ఆ ఇల్లు ఎరిగిన ఇంకొకరిని తోల్కరాన్రి."

ఆ ఇల్లు ఎరిగినది ఒక్క యాకమ్మే.

బండి దగ్గరికి వెళ్లి, బేరానికి వచ్చినామె పోయేదాకా ఆగి, చెప్పాను. యాకమ్మ వంకాయల మీద నీళ్లు చల్లుతూనే వింది.

"అందుకా, అది నా మొకం చూస్తలేదు," అంది. తర్వాత బండి మీద గోనెపట్టా కప్పింది. "నేనస్త. ముందుగాల దానికి చెప్పు. నా ముంగట్నే చెప్పాలె."

జైతూన్ గడప దగ్గర నిలబడి చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె నన్ను దాటి వెళ్లి యాకమ్మ రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. లోపల మంచం మీద యాకూబన్న కళ్లు మూసుకున్నాడు. నాతో మాట్లాడింది అఫ్రీన్ ఒక్కతే.

"ఏడు తులాలని చెప్పినా సరిపోతుండె గద ఆంటీ," అంది, నవ్వడానికి ప్రయత్నిస్తూ.

మధ్యాహ్నం యాకమ్మను వెంటబెట్టుకుని కమిటీకి వెళ్లాను. కుర్రాడు కొత్త ఫారం తీసి ఒక్కొక్కటే అడిగాడు. సంపాదించేవాళ్లెవరూ లేరని, ఐదు నెలల కిరాయి బాకీ ఉందని యాకమ్మ గబగబా చెప్పింది.

"బంగారం?"

"ఏడిది సారూ. చెవుల కమ్మలు గూడ దవాఖాన ఖర్చులకు పోయినయి."

జైతూన్ చెవులు బోసిగా ఉండటం నేనూ చూశాను. చూసి, ఏమైందని అడిగితే ఎంతో కొంత ఇవ్వాల్సి వస్తుందని అడగలేదు.

పెద్దాయన తల ఊపాడు. "ఇంక చాలు. పేరు మళ్ల ఎక్కిస్తం. తారీఖు లోపలనే పిల్ల ఫీజు అందుతది." కుర్రాడు ఫారం చివరి గీత మీద పెన్ను పెట్టి, "ఇదొక్కటి ఉన్నది. చుట్టుపక్కల ఎవరన్న సాయం చేస్తాన్రా?" అన్నాడు.

చెప్పుకోవడం యాకమ్మకు ఇష్టం లేనట్టుంది. "నెలకు పది కిలోల బియ్యం ఇస్తుంటి సారూ, ఆయన పడ్డకాన్నుంచి. ఈ నెల మూట తిరిగి నా గడప ముంగట పెట్టి పోయింది. నేనే పేరు కొట్టేయించిన్ననుకున్నది గద."

రంజాన్ నెల. పగలంతా ఉపవాసముండి, పొద్దుగూకాక ఆ ఇంట్లో ఏం వండుకున్నారో నాకు తెలియదు. మధ్యలో ఉన్నది ఒక్క గోడే.

కుర్రాడు నా వైపు తిరిగాడు. "మీరేమన్న ఇస్తాన్రా అమ్మా? బియ్యం గని, పైసలు గని, ఎంతైనా సరే, రాయాలె."

యాకమ్మ నా వైపు చూడకుండా కిటికీ బయటికి చూస్తోంది. నాలుగైదు అబద్ధాలు ఎప్పుడూ తయారుగా ఉండే నోట్లో ఆరోజు ఒక్కటీ లేదు.

"ఏమీ ఇయ్యలేదు," అన్నాను.

"లేదు" అని రాసి, కింద సంతకం పెట్టమని ఫారం నా ముందుకు జరిపాడు. పెట్టాను.