మిల్లులోకి పిల్లలు నడిచిన రోజు

పిన్నిని మొదట కొట్టింది పోలీసులు కాదు. పిల్లల తల్లులు. మిల్లుల్లో పనిచేసేవాళ్ళూ, కాలేజీల్లో చదువుకునేవాళ్ళూ ఈ సంగతి ముందు తెలుసుకోవాలి. తర్వాత జరిగినదంతా ఇక్కణ్ణుంచే మొదలైంది.

బట్టల మిల్లు వెనక రేకుల షెడ్డులో ఉంటుంది మా శిశుకేంద్రం. మిల్లులో కుట్టుపని చేసే ఆడవాళ్ళు పొద్దున పిల్లల్ని మా దగ్గర దింపి, షిఫ్టు దిగాక తీసుకెళ్తారు. పాకే పిల్లల నుంచి అయిదేళ్ళ వాళ్ళ దాకా నలభైమందికి పైనే ఉంటారు. పిన్ని అక్కడ టీచరు. ఊళ్ళో నా చదువు ఆగిపోయాక అమ్మ నన్ను పిన్ని దగ్గరికి పంపింది. నేను ఆయాగా చేరాను.

ఆ రోజు నేను పెరట్లో ఒక పిల్లకు ముడ్డి కడుగుతున్నాను. పిన్ని లోపల కొట్టుకుంటున్న ఇద్దరిని విడదీస్తోంది. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. మూడేళ్ళ పిల్ల ఒకతి వెళ్ళి గిన్నె అంచు పట్టుకుని లాగింది. ఆ అరుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. భుజం నుంచి వేళ్ళ దాకా చర్మం తడిసిన కాగితంలా ముడుచుకుపోయింది. పిన్ని కుండలో నీళ్ళన్నీ ఆ చేతి మీద పోసి, పిల్లను ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తింది.

ఆ పిల్ల తల్లి మిల్లులో చొక్కాలకు కాజాలు కుడుతుంది. అందరూ కాజాలక్క అంటారు. షిఫ్టు దిగిందో లేదో మిగతా తల్లుల్ని వెంటేసుకుని వచ్చింది.

"నా బిడ్డను ఉడకబెట్టావు కదే" అంటూ పిన్ని జుట్టు పట్టి నేలకేసి ఈడ్చింది. చెప్పు తీసింది. మరొకామె డొక్కలో తన్నింది. పిన్ని చేతులెత్తలేదు, తల మాత్రం దాచుకుంది. ఒక పన్ను ఊడి గచ్చు మీద పడింది. పిల్లలంతా గోడకు ఆనుకుని చూస్తున్నారు.

అప్పుడొచ్చాడు కాంట్రాక్టరు. ఏం జరిగినా నవ్వు చెదరదని మేం ఆయన్ని నవ్వులాయన అంటాం.

"ఏం చేస్తామమ్మా, ట్రైనింగ్ లేని మనుషులు. పశువుల్ని కాసినట్టు కాస్తారు" అన్నాడు తల్లులతో.

కొత్త విధానమని చెప్పి ప్రభుత్వం షెడ్లన్నీ ఈయన చేతికిచ్చింది. ఇవ్వగానే ఆయన రెండో టీచరును తీసేశాడు. వంటమనిషిని తీసేశాడు. పిన్ని వాళ్ళకు జరుగుతున్న శిక్షణను సగంలో ఆపించేశాడు. దానికి వచ్చే నిధులు ఎటు పోయాయో ఆయన ఆఫీసుకు కొత్తగా బిగించిన అద్దాలను అడగాలి. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారు. అన్ని దెబ్బలకూ ఏడవని పిన్ని ఆ మాటకు ఏడ్చింది.

మర్నాడు షెడ్డులో పిల్లలు కొత్త ఆట మొదలుపెట్టారు. ఒకరు టీచరమ్మ, మిగతావాళ్ళు అమ్మలు. టీచరమ్మను కింద పడేసి చెప్పులతో కొట్టాలి.

ఆ సాయంత్రం మిగతా మిల్లుల వెనక షెడ్ల నుంచి టీచర్లూ ఆయాలూ మా గదికి వచ్చారు. కూర్చోడానికి చోటులేక కొందరు గుమ్మంలో నిలబడ్డారు. అద్దకం మిల్లు షెడ్డు నుంచి వచ్చిన పొడుగామె గొంతు అందరికంటే పెద్దది.

"ఈ రోజు నువ్వు, రేపు నేను. తలుపులకు తాళం వేసి కూర్చుందాం" అంది.

"తాళం వేస్తే నవ్వులాయనకేం నొప్పి? పిల్లల్ని చంకనేసుకుని ఏడ్చేది ఆ తల్లులు. మనల్ని ఇంకో నాలుగు తంతారు" అంది గుమ్మంలో ఒకామె.

"తన్నించుకోడానికి అలవాటుపడ్డాం కదా, అంతేలే" అంది పొడుగామె.

అప్పుడే కాజాలక్క జనాన్ని తోసుకుని లోపలికి వచ్చింది. "నా బిడ్డ చెయ్యి బొబ్బలెక్కి అది అల్లాడుతుంటే మీరు ఇక్కడ మీటింగ్ పెట్టుకున్నారా?" అంది.

పిన్ని వాచిన మూతితోనే అడిగింది. "పాప అన్నం తిందా?"

"నీకెందుకు?"

"ఎడమచేత్తో తినడం రాదు కదా దానికి. అందుకని."

పిన్ని మళ్ళీ అంది. "రేపు నువ్వు షెడ్డుకు రా. ఒక్క పూట నువ్వే చూసుకో. ఆ తర్వాత కూడా కొట్టాలనిపిస్తే కొట్టు. నేనెక్కడికీ పోను."

"అదేమైనా బ్రహ్మవిద్యా? ముగ్గుర్ని కన్నదాన్ని" అంది కాజాలక్క. మర్నాడు వచ్చింది కూడా.

మొదట బాగానే జరిగింది. తర్వాత ఒకడు సుద్దముక్క మింగాడు. వాడి నోట్లో వేలు పెట్టి తీస్తుండగా ఇద్దరు మురికికాలువ వైపు పరుగెత్తారు. వాళ్ళను పట్టుకొచ్చేసరికి పాకే పిల్ల పొయ్యి దగ్గరికి చేరింది. ఉయ్యాల్లో పసివాడు ఊపిరి తిప్పుకోకుండా ఏడుస్తున్నాడు. ఎవరో నేలంతా తడిపారు, ఎవరో అందులో జారిపడ్డారు. ఒక పిల్ల ఇంకో పిల్ల చెవి పట్టుకుని కొరికింది, ఎంత లాగినా వదల్లేదు. కాజాలక్క చెయ్యెత్తి ఆ పిల్ల చెంప మీద ఫెడీమని కొట్టింది.

పిల్ల చెంప మీద అయిదు వేళ్ళూ తేలాయి. అది పక్క మిషన్ మీద పనిచేసే ఆమె కూతురు. కాజాలక్క తన అరచేతిని వేరెవరిదో అన్నట్టు చూసుకుంది. గుమ్మంలో కూర్చుని చూస్తున్న పిన్ని పక్కకు వచ్చి చతికిలబడింది.

"ఒక మనిషికి ఒక మిషన్ ఇస్తారు. నలభై మిషన్లు ఒకేసారి తొక్కమంటే సూది వేల్లో దిగకుండా ఉంటుందా? అత్త మీద కోపం దుత్త మీద చూపించాను. ఇప్పుడు ఆ అత్త సంగతి చూద్దాం" అంది.

ఆమే తల్లులందరినీ మిల్లు గేటు ముందు నీళ్ళ ట్యాంకు దగ్గర కూడేసింది. పిన్ని వాళ్ళకు విడమరిచి చెప్పింది. షెడ్డుకు ముగ్గురు మనుషులు కావాలి. అందరికీ పూర్తి శిక్షణ, ఆ రోజులకు జీతం ఇవ్వాలి. నిధులు టీచర్లూ తల్లులూ కలిసిన కమిటీ చేతికి రావాలి. కాంట్రాక్టరు పోవాలి.

యూనియన్ పెద్ద కటింగ్ మాస్టరు ముఖం చిట్లించాడు. "ఇది ఇంటి గొడవమ్మా. యూనియన్‌కేం సంబంధం?"

"మాస్టారూ, మీరేమైనా ఆకాశం నుంచి ఊడిపడ్డారా? మిమ్మల్ని కూడా ఎవరో ఒకరు ముడ్డి కడిగే పెంచారు" అంది కాజాలక్క. జనం గొల్లుమన్నారు. మాస్టరుకూ నవ్వు ఆగలేదు.

అందరం కలిసి శిశు సంక్షేమ అధికారి దగ్గరికి వెళ్ళాం. ఆయన పక్క కుర్చీలో నవ్వులాయన టీ తాగుతున్నాడు.

"పిల్లల్ని ఆడించడానికి ట్రైనింగ్ ఏంటమ్మా? మా అమ్మకు ఎవరిచ్చారు ట్రైనింగ్?" అన్నాడు అధికారి.

"ఇచ్చుంటే బాగుండేది సార్" అంది పొడుగామె.

గార్డులు మమ్మల్ని మెట్ల మీది నుంచి తోసేశారు. పొడుగామె చెయ్యి వెనక్కి విరిచి పట్టుకుని, ఎముక చిట్లేదాకా వదల్లేదు.

ఇక ఏం చెయ్యాలో ఆ రోజే తేలిపోయింది. మా పనిలో ఒక పద్ధతి ఉంది. పిల్లను దారిన వదిలెయ్యకూడదు, తల్లి చేతికే ఇవ్వాలి. "ఇద్దాం. తల్లులు ఎక్కడున్నారో అక్కడికే వెళ్ళి ఇద్దాం" అంది పిన్ని.

మర్నాడు షిఫ్టు మొదలయ్యాక పిల్లల్ని వరసగా నిలబెట్టాం. పొడుగు తాడుకు ముడులు వేసి, ఒక్కో ముడి ఒక్కో పిల్ల చేతికిచ్చాం. నడవలేని వాళ్ళను మేం ఎత్తుకున్నాం. పక్క షెడ్ల టీచర్లూ ఆయాలూ వచ్చి కలిశారు. గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు.

"ఎక్కడికమ్మా ఈ రైలు?"

"అమ్మ దగ్గరికి" అన్నారు పిల్లలు.

ముసలాయన అటూ ఇటూ చూసి, "నాకు చత్వారం. నేనెవర్నీ చూళ్ళేదు" అని గేటు తీశాడు.

మిషన్ల హోరులో మొదట మా రాక ఎవరికీ వినిపించలేదు. దారప్పోగులు గాల్లో తేలుతున్నాయి. మొదటి వరసలో ఒక తల్లి ఒళ్ళో పిల్లను పెట్టాం. ఆమె కాలు మిషన్ మీది నుంచి తీసింది. తర్వాత పక్కామె. ఒక్కో పిల్ల ఒడి చేరేకొద్దీ ఒక్కో మిషన్ ఆగింది. చివరికి హాలంతా పిల్లల ఏడుపులూ నవ్వులూ తప్ప మరో చప్పుడు లేదు. సూపర్‌వైజరు బూతులు తిడుతూ పరుగులు పెట్టాడు. ఒక తల్లి తాపీగా, "పసిపిల్లల ముందు అలాంటి మాటలు వద్దు సార్, నేర్చుకుంటారు" అంది.

పోలీసు వ్యాన్లు వచ్చాయి. వాళ్ళతో పాటు ఇనుపరాడ్లతో నవ్వులాయన మనుషులు వచ్చారు.

"పిల్లల్ని అడ్డం పెట్టుకుని సమ్మె చేస్తారా, సిగ్గులేదూ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అడ్డం పెట్టుకోలేదు సార్. కన్నవాళ్ళకు అప్పజెప్పాం. చూసుకోడానికి మనుషుల్ని పెట్టమనండి, ఇప్పుడే తీసుకెళ్తాం" అంది పిన్ని.

మొదటి రాడ్డు పొడుగామె కట్టు కట్టిన చేతి మీదే పడింది. తర్వాత లాఠీలు లేచాయి. కొందరు ఆడవాళ్ళు కత్తెరలు అందుకున్నారు. "కింద పెట్టండే, పిల్లలున్నారు" అని కాజాలక్క అరిచింది. కత్తెరలు కింద పడ్డాయి. కటింగ్ గది కిటికీ తెరిచి మాస్టరూ మగవాళ్ళూ చేతులు చాచారు. చేతి నుంచి చేతికి పిల్లల్ని దాటించడం మొదలుపెట్టాం. అవతల బట్టల బేళ్ళ మీద వాళ్ళను దింపుతున్నారు. పిల్లను ఎత్తుకున్నామె పరుగెత్తలేదు, అడ్డుకోలేదు. వంగి, వీపు ఇచ్చింది. వీపుల మీద లాఠీల చప్పుడు పరుపులు దులుపుతున్నట్టు వినిపించింది. నా ముందున్నామె చెవి నుంచి నెత్తురు కారుతోంది. అయినా చేతిలో పిల్లను నాకు అందించాకే కూలబడింది.

ఇక అయిపోయారనుకున్నాం. పిన్ని వెనక్కి చూసింది. ఇస్త్రీ బల్ల కింద ఒక పిల్ల నక్కి ఉంది.

"పిన్నీ, వద్దు" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

పిన్ని ఎప్పుడూ ఏ పిల్లనూ నిలబడి పిలవదు. పిల్ల కళ్ళ ఎత్తుకు వంగి పిలుస్తుంది. చుట్టూ లాఠీలు ఆడుతుంటే ఆమె అలాగే మోకాళ్ళ మీద కూర్చుంది. "రా తల్లీ, దాగుడుమూతలు అయిపోయాయి" అని చేతులు చాచింది. పిల్ల వచ్చి మెడను కరుచుకుంది. దెబ్బ సరిగ్గా పిన్ని తల వెనక పడింది. ఇంకోటి. ఇంకోటి. ఆమె పిల్లను కింద పెట్టుకుని బోర్లా ముడుచుకుంది. వాళ్ళు కొట్టడం ఆపాక మేం పిన్నిని పక్కకు తిప్పి పిల్లను తీశాం. పిల్ల జుట్టంతా పిన్ని నెత్తురుతో తడిసింది. ఒంటి మీద మాత్రం గీత లేదు.

ఇంటి గొడవన్న కటింగ్ మాస్టరు కిటికీ దూకి వచ్చాడు. బట్ట కొలిచే ఇనుపగజంతో ఇన్‌స్పెక్టరు మణికట్టు విరగ్గొట్టాడు. పోలీసులు మాస్టరును కాళ్ళు పట్టి వ్యాను దాకా ఈడ్చుకెళ్ళారు. దారి పొడుగునా తంతూనే ఉన్నారు.

పిన్ని ఆసుపత్రికి చేరకముందే పోయింది. తొక్కిసలాటలో చనిపోయిందని పోలీసులు చెప్పారు. శిక్షణ లేని ఉద్యోగి నిర్లక్ష్యమని కాంట్రాక్టరు చెప్పాడు. మేం ఆమెను మట్టిలో పెట్టి, అక్కణ్ణుంచి ఇళ్ళకు పోకుండా నేరుగా షెడ్డు ముందుకు వచ్చి కూర్చున్నాం. అన్ని మిల్లుల తల్లులూ వచ్చారు. ఆ రోజు ఒక్క మిల్లు కూడా తిరగలేదు.

మధ్యాహ్నం ఒక వ్యాను వచ్చింది. డ్రైవరు పక్కన నవ్వులాయన, వెనక పదిమంది దాకా అమ్మాయిలు. నా వయసువాళ్ళే. సగం జీతానికి ఊళ్ళ నుంచి తెచ్చిన కొత్త టీచర్లట.

జనం లేచారు. "టీచరమ్మ మట్టి ఆరకముందే ఆమె చోట్లో కూర్చోడానికి వచ్చారే" అని ఎవరో కేక పెట్టారు. ప్రతి చేతిలోకి రాయి వచ్చింది. అందరికంటే పెద్ద రాయి కాజాలక్క చేతిలో ఉంది. కిటికీ పక్క అమ్మాయి అన్నండబ్బా ముఖానికి అడ్డం పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

కాజాలక్క చెయ్యి గాల్లోనే ఆగింది.

"ఆగండి" అంది. "ఒకసారి తెలీక కొట్టాం. మళ్ళీ అదే పని చేస్తే మనకంటే గాడిదలు నయం." వ్యాను తలుపు తెరిచింది. "దిగండమ్మా. మిమ్మల్నేం చెయ్యం. దిగండి."

ఒక్కొక్కరే దిగారు. చివరి అమ్మాయి కాలు నేల మీద పెట్టాక కాజాలక్క రాయి వ్యాను ముందద్దాన్ని పగలగొట్టుకుని లోపలికి పోయింది. నవ్వులాయన నుదురు చీలింది. ఆ ముఖం నవ్వు లేకుండా ఎలా ఉంటుందో మేం అప్పుడే చూశాం. ఆయనా డ్రైవరూ అటువైపు నుంచి దూకి పారిపోయారు. అందరం భుజాలు ఆనించి వ్యానును పక్కకు దొర్లించాం.

ఎక్కడో పోలీసు విజిల్ మోగింది. కాజాలక్క అన్నండబ్బా అమ్మాయిని అడిగింది.

"ఎప్పుడైనా పసిపిల్లను ఎత్తుకున్నావా?"

"లేదు."

"మరి ఏం చేద్దామని వచ్చావే?"

"అమ్మ పంపింది."

కాజాలక్క ఒక తల్లి ఒళ్ళోని నెలల పిల్లను తీసి ఆ అమ్మాయి చేతుల్లో పెట్టింది. పిల్ల మెడ వెనక్కి వాలి, ఏడుపు అందుకుంది. నేను లేచి వెళ్ళాను.

"మెడ కింద చెయ్యి పెట్టు" అన్నాను. వీధి చివర బూట్ల చప్పుడు మొదలైంది. అందుకని ఇంకొంచెం గట్టిగా అన్నాను. "రెండో చెయ్యి నడుము కింద. భుజం బిగబట్టకు. నీ భయం దానికి తెలుస్తుంది."

మిగతా అమ్మాయిలు దగ్గరికి జరిగి చూస్తున్నారు. వాళ్ళ చుట్టూ తల్లులు చేతులు కలుపుకుని నిలబడ్డారు. పోలీసులు పడిపోయిన వ్యానుకు అవతల బారులు తీరారు. చేతికి కట్టుతో ఇన్‌స్పెక్టరు మైకు అందుకుని, వెంటనే చెదిరిపోవాలని, లేకపోతే కాల్పులు తప్పవని చెప్పాడు.

ఎవరూ కదల్లేదు. పిల్ల ఏడుపు ఆపింది.

"ఇప్పుడు నువ్వు" అని పక్క అమ్మాయికి పిల్లను అందించాను.