సున్నుండల నింద

మహాలక్ష్మమ్మ సున్నుండ తినలేదు. ముందు ఆ సంగతి తేల్చుకోవాలి. ఒకటి తినలేదు, సగం తినలేదు, డబ్బా మూత తీసి వాసన కూడా చూడలేదు. అయినా నరసరావుపేటలో బయలుదేరిన మూడో రోజుకల్లా ఆవిడ దొంగచాటుగా సున్నుండలు మింగుతోందని నకరికల్లులో పిన్నికి తెలిసిపోయింది, గురజాలలో ఆడపడుచుకి తెలిసిపోయింది, సత్తెనపల్లిలో టీచరుగా చేస్తున్న కూతురు హిమబిందుకి తెలిసిపోయింది. చివరికి పేటలో ఆవిడకి మందులు రాసే డాక్టరుగారికి కూడా తెలిసిపోయింది. ఊరూరా ఈ కబురు మోసింది ఎవరో కాదు, కట్టుకున్న మొగుడు లక్ష్మీనారాయణే.

లక్ష్మీనారాయణది పేటలో కిరాణా కొట్టు. ముప్పై ఏళ్ళు బెల్లం, పప్పులు, కూల్‌డ్రింకులు అమ్మి, అరవై దాటాక కొట్టు అద్దెకిచ్చేసి, ఓ పాత మినీ బస్సు కొని దాన్ని ఇల్లుగా మార్పించాడు. రెండు మంచాలు, చిన్న పొయ్యి, సింకు, టీవీ, ఏసీ, ఇంట్లోంచి తెచ్చి పెట్టిన పాత ఫ్రిజ్. బస్సు పైన సోలార్ పలకలు, సీటు కింద బ్యాటరీలు, ఇన్వర్టర్, వెనక డిక్కీలో జనరేటర్. ఆ కరెంటు పనంతా చేసింది జమాల్ అనే మెకానిక్. దారిలో చుట్టాలందరినీ పలకరించుకుంటూ శ్రీశైలం పోయి రావాలని మొగుడూ పెళ్ళాలు బయలుదేరారు. పలకరించడం అని ఆయన అంటాడు గానీ, అసలు పని బస్సు చూపించడం.

ఏ ఊళ్ళో ఆగినా అదే తంతు. మే నెల, నలభై నాలుగు డిగ్రీల ఎండ. చుట్టాలు, ఇరుగుపొరుగు చెమటలు కక్కుతూ బస్సెక్కేవాళ్ళు. ఆయన ఏసీ వేసి, టీవీ పెట్టి, మధ్యలో నిలబడి, "ఏమన్నా చప్పుడు వినపడతందా? ఇంజను కట్టేశా. కరెంటు తీగ లేదు. అంతా ఇన్వర్టరే!" అని చేతులు తిప్పేవాడు. వచ్చినవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టేవాళ్ళు. మహాలక్ష్మమ్మ మాత్రం ఆ వైభోగం ఒక్కసారీ చూడలేదు. చుట్టాలింటికి వెళ్ళిన ఆడది తిన్నగా వంటింట్లోకే నడవాలి కదా! ఆయన బస్సులో చల్లగాలికి గొప్పలు పోతుంటే ఆవిడ పొయ్యి దగ్గర వంకాయలు తరుగుతూ ఉండేది.

ఆవిడకి పన్నెండేళ్ళుగా షుగరు. పొద్దున, రాత్రి తినేముందు ఇన్సులిన్ పొడుచుకోవాలి. ఆ సీసాలు ఫ్రిజ్ తలుపు అరలో, పెరుగు గిన్నె పక్కన ఉంటాయి. బయలుదేరిన రోజు పొద్దున మిషను మీద చూసుకుంటే నూట నలభై. మర్నాటికి రెండొందల అరవై. మూడో రోజు పొద్దున మూడొందల అరవై. ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరడం లేదు, కళ్ళ ముందు అక్షరాలు అలుక్కుపోతున్నాయి, నాలుగడుగులు వేస్తే కాళ్ళు పీకుతున్నాయి.

"నిజం చెప్పవే, డబ్బాలో ఆరు సున్నుండలు తగ్గినయ్యి," అన్నాడు లక్ష్మీనారాయణ ఆ పొద్దున.

"నేను ముట్టుకోలా. నా మీద ఒట్టు."

"మరి ఎవరు తిన్నట్టు? బస్సులో ఉండేది మనిద్దరమేగా! నాలిక కట్టుకోలేనిదానివి శ్రీశైలమెందుకు? ఇట్టాగే ఉంటే మాచర్ల నుంచి వెనక్కి తిప్పి ఆస్పత్రిలో పడేస్తా."

ఆయన అక్కడితో ఆగలేదు. డాక్టరుగారికి ఫోన్ చేసి, తీపి ఆపడం లేదండీ అని ఫిర్యాదు చేశాడు. డాక్టరుగారు నమ్మారు. నమ్మి, మందు మోతాదు పెంచారు. ఫోన్ పెట్టేశాక కూడా ఆయన పెరుగన్నం కలుపుకుంటూ, "పెరుగు కూడా ఇంత పులుపా? తోడు ఎంతెయ్యాలో కూడా మరిచిపోయావా?" అని ఇంకో చురక అంటించాడు. నలభై ఏళ్ళుగా పెరుగు తోడేస్తున్న చెయ్యి అది. కానీ మిషను చూపిస్తున్న అంకె ఆయన పక్షానే ఉంది. ఆవిడ దగ్గర ఏముంది, ఒట్టు తప్ప?

మాచర్లలో ఆవిడ పుట్టిల్లు. అన్నగారు పోయాక ఆ ఇంట్లో వదిన హనుమాయమ్మే పెద్ద. ఆడపడుచు వస్తోందని పూర్ణాలు వండింది. బంతిలో పదిమంది ఆడవాళ్ళు కూర్చున్నారు. హనుమాయమ్మ పూర్ణాల పళ్ళెం పట్టుకుని ఒక్కొక్క విస్తరిలో రెండేసి వడ్డిస్తూ వచ్చింది. మహాలక్ష్మమ్మ దగ్గరికి రాగానే పళ్ళెం ఎత్తిపట్టుకుని దాటిపోయింది.

"ఏమనుకోబాక మహాలక్ష్మీ. అన్నయ్యగారు పొద్దున్నే ఫోన్ చేశాడు. నీ కంటబడకుండా పెట్టమన్నాడు. మిగిలినయ్యి బీరువాలో పెట్టి తాళమేశా."

పక్క విస్తరి ముందున్నావిడ మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు వినపడనే వినపడింది.

ఆవిడ బాధ పూర్ణం పెట్టనందుకు కాదు. పెట్టినా ఆవిడ తినేది కాదు. పుట్టింట్లో, అమ్మ వడ్డించిన చోట కూర్చోబెట్టి, ఈ ముసలితనాన దొంగని చేశారు. తాళం వేశారట! "పెరుగు చాలదేమో వదినా, బస్సులో ఉంది, పట్టుకొస్తా," అని లేచి వచ్చేసింది. పెరుగు కోసం కాదు, కళ్ళు తుడుచుకోవడం కోసం.

బస్సు ఎండలో నిలబడి ఉంది. తలుపు తీయగానే వేడి సెగ మొహాన కొట్టింది. ఫ్రిజ్ తెరిచింది. లోపల దీపం వెలగలేదు. పొద్దున పులుపెక్కిన పెరుగు ఇప్పుడు నురగలు కక్కి, పుల్లటి వాసన కొడుతోంది. ఇన్సులిన్ సీసా చేతిలోకి తీసుకుంది. వెచ్చగా ఉంది. అప్పుడే కాచి దించిన పాలగ్లాసు పట్టుకున్నంత వెచ్చగా. వంగి చూస్తే ఫ్రిజ్ ప్లగ్గు ఊడి కింద పడుంది.

ఊడిందేమోలే అనుకుంది పిచ్చి మహాలక్ష్మమ్మ. ప్లగ్గు పెట్టింది. ఫ్రిజ్ గుర్రుమంది. అంతలో బయట మాటలు వినపడ్డాయి. భోజనాలైన మగవాళ్ళని, వీధిలోవాళ్ళని వెంటేసుకుని లక్ష్మీనారాయణ రెండో ఆటకి వస్తున్నాడు. తడికళ్ళతో వాళ్ళ ముందు పడలేక ఆవిడ మంచం దగ్గరి కర్టెను వెనక్కి జరిగింది.

ఆయన ఎక్కాడు. పక్కవాళ్ళతో మాట్లాడుతూనే, కిందికి చూడను కూడా చూడకుండా, ఫ్రిజ్ ప్లగ్గు లాగి పారేసి ఏసీ స్విచ్ వేశాడు. తర్వాత పై అరలోంచి డబ్బా తీసి, "తీసుకోండి, పేట సున్నుండలు! మొహమాటపడబాకండి!" అని పంచడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ప్రతి ఊళ్ళోనూ గొప్పల్లో పడి ఇలాగే పంచి, పంచిన సంగతే మరిచిపోయి ఉంటాడు. పంచిన చెయ్యి ఆయనది, తిన్న నోరు మాత్రం ఆవిడదైంది.

మహాలక్ష్మమ్మ కర్టెను లాగేసింది.

"ఆ ప్లగ్గు ఎందుకు పీకారు?"

లక్ష్మీనారాయణ ఉలిక్కిపడ్డాడు. "నువ్విక్కడ ఏంజేస్తన్నావే? ఏసీతో పాటు ఫ్రిజ్ కూడా ఉంటే ఇన్వర్టర్ కూసి ఆగిపోద్ది. మళ్ళీ బస్సు తీసేటప్పుడు పెడతాగా!"

"నకరికల్లులోనూ పీకారా? గురజాలలోనూ?"

"పీకితే ఏంది? కొట్టు కట్టేసేటప్పుడు ముప్పై ఏళ్ళు రోజూ ఫ్రిజ్ కట్టేసిపోయా. ఒక్క కూల్‌డ్రింకన్నా పాడయిందా?"

కూల్‌డ్రింకట! ఒంట్లోకి ఎక్కించుకునే మందుకీ, సోడాబుడ్డికీ తేడా తెలియని మనిషి ఆవిడ నాలుక మీద తీర్పు చెప్పాడు. మహాలక్ష్మమ్మ వంగి, ప్లగ్గు మళ్ళీ పెట్టింది. ఇన్వర్టర్ కీచుమని కూసింది. ఏసీ ఆగింది, టీవీ ఆరిపోయింది, బస్సునిండా జనం ఉక్కబోతలో నిలబడ్డారు. ఆవిడ ఫోన్ తీసి, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టి జమాల్‌కి చేసింది.

"జమాల్, ఏసీ వేస్తే ఫ్రిజ్ పీకెయ్యాలని చెప్పావా సారుకి?"

"అయ్యో, లేదమ్మగారూ! ఫ్రిజ్ ఇరవై నాలుగ్గంటలూ ఉండాల. మీ మందులుంటయ్యని చెప్పారుగా. ఏసీ వేసుకోవాలంటే జనరేటర్ పెట్టుకోమని రెండు సార్లు చెప్పా. చప్పుడెక్కువ, పరువు పోద్దన్నాడు సారు."

గోల విని వచ్చిన హనుమాయమ్మ తలుపు దగ్గరే నిలబడిపోయింది. మహాలక్ష్మమ్మ ఇన్సులిన్ సీసా వదిన చేతిలో పెట్టింది. "పట్టుకు చూడు వదినా. మూడు రోజుల్నించి నేను పొడుచుకుంటంది ఇది. మందనుకుని పొడుచుకుంటన్నా."

హనుమాయమ్మ సీసాని గుప్పిట్లో పట్టుకుంది. ఆవిడ మొహం మాడిపోయింది. "చంపేసేవాడివి గదయ్యా మా పిల్లని!" అంది. అన్నయ్యగారూ లేదు, మర్యాదా లేదు.

"సర్లేవే, ఏదో పొరపాటయింది," అన్నాడు లక్ష్మీనారాయణ గొంతు తగ్గించి. "ఇంట్లోకి పద, నిదానంగా మాట్లాడుకుందాం. అందరి ముందూ ఏందిది?"

"అందరి ముందూ ఏందా? నన్ను దొంగని చేసింది అందరి ముందేగా! అప్పుడు ఊరూరా ఫోన్లు చేశారే, ఆ ఫోన్లన్నీ మళ్ళీ చెయ్యండి. ముందు డాక్టరుగారికి. మందు చచ్చిపోయిందని తెలవక మోతాదు పెంచాడాయన. రేపు మంచి మందు అదే లెక్కన పొడుచుకుంటే నేనేమైపోయేదాన్నో!"

ఆ మాటతో లక్ష్మీనారాయణ మంచం మీద చతికిలబడ్డాడు. అంతదూరం ఆయన ఆలోచించలేదు. ఆలోచించలేదన్నదే అసలు నేరం.

మహాలక్ష్మమ్మ కిందికి దిగి బస్సు వెనక్కి వెళ్ళింది. ఫోన్లో జమాల్ చెబుతున్నట్టే తాళం తిప్పి, ఎర్ర మీట నొక్కింది. జనరేటర్ ఒక్కసారి దగ్గి, వీధి అదిరిపోయేలా మొదలైంది. ఏసీ తిరిగింది, ఫ్రిజ్ తిరిగింది, టీవీ వెలిగింది. అన్నీ కలిసి హాయిగా నడిచాయి. జనరేటర్ వేసుంటే మూడు రోజుల కిందట కూడా ఇలాగే నడిచేవి.

లక్ష్మీనారాయణ డాక్టరుగారికి ఫోన్ కలిపాడు. నెమ్మదిగా రెండు ముక్కలు చెప్పి బయటపడదామనుకున్నాడు పాపం. జనరేటర్ పడనివ్వలేదు. డాక్టరుగారికి వినపడలేదు. గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఆయన పెట్టిన చీవాట్లు ఈయన ఫోన్ చెవికి నొక్కుకుని విన్నాడు. కొత్త సీసా కొనమన్నారు, పాత మోతాదే వేసుకోమన్నారు, సాయంత్రం మళ్ళీ చూసి చెప్పమన్నారు. హనుమాయమ్మ తనే చెప్పులేసుకుని మందులషాపుకి పరిగెత్తింది. పోతూ పోతూ బీరువా తాళంచెవి తెచ్చి మహాలక్ష్మమ్మ చేతిలో పెట్టింది. ఆ తాళంచెవి చూసేసరికి అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు మహాలక్ష్మమ్మకి ఒక్కసారిగా వచ్చింది.

తర్వాత గురజాల చెల్లెలు. ఆ తర్వాత హిమబిందు.

"ఏంది నాన్నా? అమ్మ మళ్ళీ ఏమన్నా తిన్నదా?" అని అవతల కూతురు ఆదుర్దాగా అడగడం, మోతలో వినపడక ఆయన పెట్టిన స్పీకర్లో అందరికీ వినపడింది.

"తినలా! మీ అమ్మ ఏమీ తినలా!"

"ఏంటీ? వినపడట్లా. వెనక ఆ మోతేంది? గట్టిగా చెప్పు."

వీధిలో జనం రెట్టింపయ్యారు. బస్సు చూడడానికి వచ్చినవాళ్ళు ఇప్పుడు లక్ష్మీనారాయణని చూస్తున్నారు. ఆయన ఒకసారి పెళ్ళాం వంక బతిమాలుతున్నట్టు చూశాడు. ఆవిడ జనరేటర్ పక్కన నీడలో స్టూలు వేసుకుని, తాళంచెవి కొంగున ముడేసుకుని కూర్చుంది.

"సున్నుండలు పంచింది నేను!" అని అరిచాడు లక్ష్మీనారాయణ. "ఫ్రిజ్ కట్టేసింది నేను! మీ అమ్మ తప్పేం లేదు!"

ఫోన్ పెట్టేసి, మొహం తుడుచుకుని, "ఇహ కట్టెయ్యవే దాన్ని. చెప్పాగా," అన్నాడు.

మహాలక్ష్మమ్మ జనరేటర్ కట్టలేదు. నకరికల్లు పిన్ని ఇంకా మిగిలి ఉంది. ఆవిడకి చెవులు కూడా సరిగా వినపడవు.